గ్రిల్ వెనక లైట్ బార్ బిగించే ముందు

నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి. ఆ రోజు నుంచే ఆస్టిన్‌లో ఆరు దాటేసరికే చీకటి. టెక్సాస్ జింకలకు అది ఎదకాలం. ముందూ వెనకా చూసుకోకుండా రోడ్డు మీద పడతాయి. లియాండర్ దాటి లిబర్టీ హిల్ వైపు ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లకు 29వ నంబరు హైవే దిగి పల్లె రోడ్డు ఎక్కాక వీధిదీపం కనపడదు. అందుకే అక్టోబరు వచ్చిందంటే నాకు ఇదే ఫోను: "అన్నా, పికప్‌కి గ్రిల్ వెనకాల ఇరవై అంగుళాల లైట్ బార్ పెడదామనుకుంటున్నా. మనమే బిగించుకోవచ్చా?"

నిక్షేపంగా. గ్రిల్ అంటే బండి ముక్కు మీదుండే జాలీ, లైట్ బార్ అంటే దీపాలు వరసగా పేర్చిన పొడుగాటి పట్టీ. బ్రాకెట్టు, నాలుగు బోల్టులు, ఒక వైరింగ్ కిట్, ఒక శనివారం చాలు. కానీ బార్ గురించి పది వీడియోలు చూసినవాళ్లు కూడా గ్రిల్ వెనక ఏమేం ఉన్నాయో చూడరు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

మా బావమరిదిది 2019 టయోటా టకోమా పికప్. బార్ చక్కగా కూర్చుంది, వెలిగింది. రెండు మైళ్లు పోయామో లేదో డ్యాష్‌బోర్డు మీద ప్రీ కొలిజన్ హెచ్చరిక, అంటే గుద్దుకోకుండా కాపాడే ఏర్పాటు పనిచేయట్లేదని. ఆ తరం టకోమాలకు 2018 నుంచీ ముందున్న టయోటా గుర్తు వెనకే రాడార్ ఉంటుంది. ముందు బండి ఠక్కున ఆగితే మన కాలికన్నా ముందు బ్రేకు వేసేందుకు చూసే కన్ను అది. బార్ అంచు సరిగ్గా దానికి అడ్డం పడింది. మళ్లీ అంతా విప్పి రెండు అంగుళాలు కిందికి దించితే గాని హెచ్చరిక పోలేదు. రాడార్‌ను పట్టుకునే బ్రాకెట్టుకు ఒక్క స్క్రూ కూడా వదులు చేయకండి. అది కాస్త పక్కకు తిరిగినా మళ్లీ కొలతపెట్టి సరిచేయించాల్సిందే.

ఫోర్డ్ ఎఫ్ 150 పికప్ అయితే ఇంకో సంగతి. చాలా మోడళ్లలో గ్రిల్ వెనక వాటంతటవే తెరుచుకుని మూసుకునే రెక్కలుంటాయి. బార్ గాని, వేలాడే వైరు గాని వాటికి తగిలితే మోటారు బిగుసుకుంటుంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. బిగించాక రెక్కలు పూర్తిగా కదిలే చోటు ఉందో లేదో చేత్తో కొలిచి చూడండి.

ఏ బండికైనా ఏసీ గ్యాసును చల్లార్చే కండెన్సర్ ముందుంటుంది, దాని వెనక ఇంజన్‌ను చల్లార్చే రేడియేటర్. కండెన్సర్ రేకులు కాగితమంత పల్చన. బార్ వెనక భాగానికీ వాటికీ మధ్య కనీసం రెండు వేళ్ల సందు ఉండాలి. గతుకుల రోడ్డు మీద ఆరు నెలలు రాసుకుందంటే చిల్లి పడుతుంది, గ్యాసు పోతుంది, ఆగస్టులో ఆ సంగతి తెలుస్తుంది. రేడియేటర్‌ను పట్టి ఉంచే చట్రం దగ్గర ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ కూడా ఉండొచ్చు. దాని బోల్టు చేతికి అందుతోంది కదా అని బ్రాకెట్టు దానికే తగిలించకండి. ఎయిర్‌బ్యాగ్ పొరపాటున తెరుచుకోకుండా పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేసి కాసేపు ఆగండి. టయోటా కనీసం 90 సెకన్లు అంటుంది. నేను పావుగంట ఆగుతాను, తొందరేముంది?

గ్రిల్ ప్లాస్టిక్ క్లిప్పులు చలికి పెళుసెక్కుతాయి. ఎండ ఉన్న మధ్యాహ్నం విప్పండి.

వైరింగ్ దగ్గర మాత్రం మొహమాటం లేకుండా చెప్తాను. 120 వాట్ల బార్ 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు లాగుతుంది. 15 ఆంపియర్ల ఫ్యూజు, 14 గేజ్ వైరు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, తెంచే స్విచ్) ఉండాలి. ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్‌కి జానెడు దూరంలోనే పెట్టండి. అది కాపాడేది లైటును కాదు, వైరును. ఫ్యూజుకీ బ్యాటరీకీ మధ్య వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే దాన్ని ఆపేది ఏదీ లేదు, కాలిపోవడమే. చవక కిట్లలో పైతొడుగు లావుగా ఉండి లోపల రాగి సన్నగా ఉంటుంది. ఒక కొస ఒలిచి చూస్తే తెలిసిపోతుంది. స్విచ్‌కి వెళ్లే వైరు క్యాబిన్‌లోకి దూరేచోట రబ్బరు గ్రోమెట్ (వైరు ఒరుసుకోకుండా కన్నానికి తొడిగే రింగు) లేకుండా రేకు అంచు మీదుగా లాగొద్దు.

రిలేకి సంకేతం హైబీమ్ నుంచి వచ్చేలా చేసుకుంటే డిమ్ చేయగానే బార్ కూడా ఆరిపోతుంది. కొత్త బండ్లలో హెడ్‌లైటు వైర్లు కంప్యూటర్ అదుపులో ఉంటాయి కాబట్టి మీ మోడల్ వైరింగ్ పటం చూడకుండా ఏ వైరూ కొయ్యకండి.

ఇక ఎదుటివాడి కళ్లు. టెక్సాస్ చట్టం ప్రకారం అదనపు డ్రైవింగ్ దీపాలు రెండుకు మించకూడదు, ఎత్తు నేల నుంచి 16 అంగుళాలకు తగ్గకుండా, 42 దాటకుండా ఉండాలి. ఎదురుగా బండి 500 అడుగుల్లోకి వచ్చినా, ముందు పోయే బండికి 300 అడుగుల్లోకి మనం చేరినా హైబీమ్ దించాలి. లెన్సు మీద ఎస్ఏఈ (SAE, వాహన ప్రమాణాలు రాసే ఇంజనీర్ల సంస్థ), దాని పక్కన వై (Y) అక్షరం ఉంటే అది రోడ్డు మీద వాడే డ్రైవింగ్ దీపానికి గుర్తు. ఆ గుర్తు లేని బార్‌ను రాంచ్ గేటు లోపలే వెలిగించండి. 2025 నుంచి మామూలు బండ్లకు ఏటా చేసే సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు గాని దీపాల చట్టం ఎక్కడికీ పోలేదు. ఇంకొకటి: రాత్రిపూట లైటు కొట్టి జింకల్ని వేటాడటం ఇక్కడ నేరం. సరదాకి పక్క పొలంలోకి బార్ తిప్పి చూస్తే గేమ్ వార్డెన్ (వేట చట్టాలు చూసే అధికారి) ఆపి అడగొచ్చు.

బిగించాక చదునైన చోట గోడకు 25 అడుగుల దూరంలో బండి ఆపి, బార్ ఎత్తును గోడ మీద టేపుతో గుర్తుపెట్టండి. వెలుగు నడిబొడ్డు ఆ గుర్తుకు రెండు అంగుళాలు కింద పడాలి. వెనక ట్రైలర్ తగిలిస్తే ముక్కు పైకి లేస్తుంది, అప్పుడు మళ్లీ చూసుకోవాలి. క్రోము గ్రిల్ అయితే వెలుగు మన కళ్లలోకే తిరిగి కొట్టొచ్చు. బార్ చుట్టూ ఎదురయ్యే కమ్మీలకు మెరుపులేని నల్లరంగు వేస్తే తగ్గుతుంది. పొగమంచులో బార్ ఆర్పేయండి, తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించదు.

మొదటి రాత్రి ఇంటి ముందే పావుగంట వెలిగించి ఫ్యూజు హోల్డర్, రిలే, కనెక్టర్లు తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే అక్కడ బిగింపు సరిగా లేదు. వారం తిరిగాక బోల్టులు మరోసారి బిగించండి.

బార్ వెలుగులో రెండు కళ్లు మెరిశాయంటే స్టీరింగ్ తిప్పకండి. తిన్నగా ఉంచి బ్రేకు తొక్కండి. జింక బెదిరి నిలబడిపోతే బార్ ఆర్పి, హారన్ కొట్టండి. అది దాటిపోయాక కూడా వెంటనే కదలకండి, వెనక ఇంకోటి వస్తూ ఉంటుంది.