మీకు నచ్చిన పాత్ర ఎందుకు నచ్చిందో రాయడం ఎలా?

"అతను ధైర్యవంతుడు, నిజాయితీపరుడు, స్నేహితుల కోసం ప్రాణమైనా ఇస్తాడు. అందుకే నాకు ఇష్టం." నా చేతికి వచ్చే వ్యాసాలు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. ఈ మాటలు ఎవరి గురించో చెప్పండి చూద్దాం. చెప్పలేరు. పేరు మార్చి సంతాప సభలో చదివేసినా ఎవరికీ అనుమానం రాదు.

ఒక చిన్న చదువరుల బృందంలో ఏళ్ళ తరబడి ఇలాంటివి వింటున్నాను, దిద్దుతున్నాను, నేనూ రాస్తున్నాను. అందరూ తప్పు చేసేది ఒక్కచోటే. మిగతా పనంతా ఎవరైనా చేయగలిగిందే కాబట్టి దాన్ని గబగబా చెప్పేస్తాను. ఆ ఒక్కచోట మాత్రం కాస్త ఓపిక పట్టండి.

కావలసినవి: పుస్తకం, పెన్సిలు, నాలుగు తెల్లకాగితాలు. పుస్తకం మీ సొంతం అయ్యుండాలి, గీతలు గీయాలి కదా. పెన్సిలు అన్నానంటే పెన్సిలే. పెన్నుతో గీసిన గీత తప్పని తేలినా చెరగదు. చెరగదు కాబట్టి దాన్నే సమర్థించుకుంటూ కూర్చుంటారు. ఫోన్‌లో నోట్సు రాసుకోవడం అసలు వద్దు.

మొదటి మెట్టు: ఒక్కరిని ఎంచుకోండి

ఒక్కరంటే ఒక్కరే. "నాకు నచ్చిన పదిమంది" అని మొదలుపెడితే ఒక్కొక్కరికి రెండేసి వాక్యాలు కూడా రావు. ప్రధాన పాత్రనే తీసుకోండి. పక్క పాత్రలు నచ్చడం తేలిక. నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్ళిపోతారు, చుట్టం చూపుగా వచ్చినవాళ్ళ మీద విసుగెందుకు పుడుతుంది? ప్రధాన పాత్రతో నాలుగొందల పేజీలు కాపురం చేయాలి. అన్ని పేజీల తర్వాత కూడా ఇష్టం మిగిలిందంటే అందులో ఏదో ఉంది.

రెండో మెట్టు: గుర్తున్నది రాసి, ఆ తర్వాతే చదవండి

పుస్తకం తెరవకముందే ఆ పాత్ర గురించి గుర్తున్నదంతా ఒక పేజీ రాసి మడిచి పక్కన పెట్టండి. తర్వాత పుస్తకం మొదటినుంచి చివరిదాకా మళ్ళీ చదవండి. నచ్చిన భాగాలు మాత్రమే తిరగేయడం చదవడం కాదు. ఇందులో ఇంతకంటే చెప్పేదేం లేదు.

మూడో మెట్టు: మధ్యలో దూరినవాళ్ళని బయటికి పంపండి

మనకి నచ్చింది పుస్తకంలోని మనిషా, తెరమీద ఆ వేషం కట్టిన నటుడా? షెర్లాక్ హోమ్స్ అనగానే చాలామందికి ముందూ వెనకా అంచులున్న టోపీ, వంపు తిరిగిన పైపు గుర్తొస్తాయి. ఆ టోపీని మన కళ్ళలో నిలిపింది పత్రికలో బొమ్మలు గీసిన సిడ్నీ పాజెట్. వంపు పైపు, రంగస్థలం మీద హోమ్స్ వేషం కట్టిన విలియం జిలెట్ నాటకం నుంచి వచ్చి అతుక్కుంది. "ఎలిమెంటరీ, మై డియర్ వాట్సన్" అన్న మాటయితే కానన్ డాయిల్ రాసిన 60 హోమ్స్ కథల్లో అలా ఎక్కడా లేదు.

నవ్వుకోకండి, నేనూ ఇందులో పడ్డాను. ఒకసారి మా బృందంలో నాకిష్టమైన పాత్ర వానలో నిలబడి తమ్ముడికి క్షమాపణ చెప్పుకునే ఘట్టం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాను. అంతా విని ఒకాయన "ఏ పేజీలో ఉందండీ?" అన్నాడు. వెతికితే లేదు. అది సినిమాలో ఉంది. నవల్లో తమ్ముడే లేడు. పేజీ నంబరు లేని మాట ఇక రాయకూడదని ఆరోజే ఒట్టు పెట్టుకున్నాను.

నాలుగో మెట్టు: ఇష్టం ఎక్కడ మొదలైందో ఆ పేజీ పట్టుకోండి

అందరూ బోల్తా పడేది ఇక్కడే. నెమ్మదిగా రండి.

ఇష్టం గుణాల జాబితా చూసి పుట్టదు. ఎక్కడో ఒక పేజీలో ఆ మనిషి ఒక పని చేస్తాడు, లేదా చేయబోయి ఆగిపోతాడు. అంతకు ముందు పేజీదాకా మనం ఊరికే చదువుతున్నాం. ఆ పేజీ దాటాక ఆ మనిషి వైపు చేరిపోయాం. ఆ చోటు మీకు దొరకాలి. గుణం పేరు చెప్పడం చాలదు, పేజీ చూపించాలి.

నమ్మకం కుదరకపోతే జేన్ ఆస్టెన్ 'ఎమ్మా' తీసి మొదటి వాక్యం చదవండి. అందగత్తె, తెలివైనది, డబ్బున్నది, కులాసా స్వభావం, దాదాపు 21 ఏళ్ళుగా బాధన్నదే పెద్దగా ఎరగదు. ఒక్క వాక్యంలో విశేషణాలన్నీ ఖర్చుపెట్టేసింది ఆవిడ. మనకి ఇష్టం పుట్టిందా? లేదు సరికదా, కాస్త ఒళ్ళు మండింది. తనకి తప్ప ఎవరికీ పెద్దగా నచ్చని నాయికను రాయబోతున్నానని ఆస్టెన్ అన్నట్టు ఆమె మేనల్లుడు రాసిన జీవితచరిత్రలో ఉంది. తెలిసే చేసిందన్నమాట.

ఇక 43వ అధ్యాయానికి రండి. బాక్స్ హిల్ మీద అందరూ చేరి పొద్దుపోక ఒక ఆట పెట్టుకుంటారు. ఒక్కొక్కరూ ఒక చమత్కారమైనా చెప్పాలి, ఓ మాదిరివి రెండైనా చెప్పాలి, లేదంటే మూడు చప్పటి మాటలు చెప్పాలి. మిస్ బేట్స్ అని ఒక పేద అవివాహిత ఉంది. మంచిదే, కాకపోతే నోరు మూత పడదు. మూడు చప్పటి మాటలా, నేను నోరు తెరిస్తే అవే కదా అని తన మీద తనే నవ్వుకుంటుంది. అక్కడే వచ్చింది చిక్కు, ఒక్కసారికి మూడే చెప్పాలి మరి అంటుంది ఎమ్మా. మిస్ బేట్స్‌కి ఆ మాట అర్థం కావడానికి ఒక క్షణం పడుతుంది. అర్థమయ్యాక కోపం రాదు, మొహం ఎర్రబడుతుంది. ఆ క్షణాన్ని ఆస్టెన్ దాటవేయలేదు, మనల్నీ దాటనివ్వదు. తర్వాత ఎమ్మా కుటుంబానికి పాత స్నేహితుడైన నైట్లీ ఆమెని పక్కకి పిలిచి గట్టిగా చీవాట్లు పెడతాడు. బండిలో ఇంటికి వెళ్తూ దారంతా ఆమె ఏడుస్తుంది.

ఇష్టం మొదలైంది ఎక్కడ? చాలామంది ఏడుపు దగ్గర గీత గీస్తారు. తప్పు. చీవాట్లు తిన్నాక ఏడవడం ఎవరైనా చేస్తారు. మర్నాడు పొద్దున్నే, ఎవరూ చెప్పకుండా, మిస్ బేట్స్ ఇంటికి తనే నడిచి వెళ్తుంది. అక్కడ గీయాలి గీత. అక్కడ ఆమె చేసిన ఘనకార్యం ఏమీ లేదు. వెళ్ళింది, కూర్చుంది, ఆవిడ వాగుడు విన్నది. నాకు ఎమ్మా నచ్చింది ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు. నేరుగా మొదటి అధ్యాయం నుంచి ఆ కుర్చీ దగ్గరికి తీసుకొచ్చుంటే అందులో ఏ విశేషమూ ఉండేది కాదు.

ఈ మెట్టు మీద కొన్ని జాగ్రత్తలు.

మీకు మొదట తట్టిన ఘట్టాన్ని నమ్మకండి. అది మీకు నచ్చినది కాదు, ఊరందరికీ తెలిసినది. సెర్వాంటెస్ నవల్లో, చదివిన కథలు తలకెక్కి తనని తాను వీరయోధుడనుకునే డాన్ క్విక్సోట్ ఎందుకు ఇష్టమని అడగండి, ప్రతివాళ్ళూ గాలిమరలతో యుద్ధం గురించే చెప్తారు. అది మొదటి భాగంలో 8వ అధ్యాయం. 1605లో వచ్చిన మొదటి భాగం, 1615లో వచ్చిన రెండో భాగం కలిపితే 126 అధ్యాయాలు. అంటే మిగతా 118 ఎవరూ చదవలేదని అనుకోవాలా? గాలిమరల దగ్గర మనకి నవ్వొస్తుంది, అంతే. చివరి అధ్యాయంలో ఆయనకి పిచ్చి వదిలి, మంచం మీద చావుకి సిద్ధపడతాడు. అప్పుడు ఆయన వెంట తిరిగిన సేవకుడు సాంచో ఏడుస్తూ, ఓడిపోయాననే బెంగతోనే పోతున్నట్టయితే ఆ నింద నా మీద వేయండి, గుర్రానికి జీను పట్టీ నేనే సరిగా బిగించలేదని చెప్పండి, లేవండి, గొర్రెల కాపరుల వేషం కట్టి పొలాలకి పోదాం అంటాడు. దారిపొడుగునా అది గాలిమరే బాబూ అని మొత్తుకున్నవాడే ఇప్పుడు ఆ పిచ్చి తిరిగి రావాలని బతిమాలుతున్నాడు. ఆ పేజీలో నాకు తెలిసింది, క్విక్సోట్ మీద నా ఇష్టం సాంచో దగ్గర అప్పుగా తెచ్చుకున్నదని.

ఇదే రెండో జాగ్రత్తకి దారి. ఆ మనిషిని మనకి ఎవరు చూపిస్తున్నారో కనిపెట్టండి. హోమ్స్ కథలు 60లో 56 ఆయన స్నేహితుడు వాట్సన్ చెప్పినవే. రెండు ఎవరో బయటివాడు చెప్తున్నట్టు నడుస్తాయి. రెండు మాత్రం హోమ్స్ తనే చెప్పుకుంటాడు. ఆ రెండూ వరసగా చదివి చూడండి. బుర్ర అదే, చూపు అదే, ఏదో వెలితి. అన్నాళ్ళూ వాట్సన్ కథల్ని రంగులద్దుతావని ఎగతాళి చేసినవాడు, తీరా కలం పట్టాక చదివేవాడికి ఆసక్తి కలిగేలా రాయక తప్పదని తనే ఒప్పుకుంటాడు. మనకి నచ్చినవాడు ఒట్టి హోమ్స్ కాదు, పక్కన కూర్చుని నోరు తెరుచుకుని చూసే స్నేహితుడున్న హోమ్స్. మీరు రాసేటప్పుడు ఆ స్నేహితుడి వాటా స్నేహితుడికి ఇచ్చేయండి.

అలాగని ఎప్పుడూ పక్కన ఒకడుండాలనేం లేదు. మొక్కపాటి వారి బారిస్టర్ పార్వతీశం తన తెలివితక్కువ పనులన్నీ తనే పూసగుచ్చినట్టు చెప్పుకుపోతాడు. ఇవే పనులు పక్కింటివాడు చెప్తే ఎగతాళి అయ్యుండేది. మొగల్తూరు నుంచి బారిస్టరు చదువుకి బయల్దేరిన ఆ కుర్రాడు మన ముందు ఏదీ దాచుకోడు. దాచుకోనివాణ్ణి ఎంతసేపని వెక్కిరిస్తాం?

మూడోది, ఇష్టాన్నీ జాలినీ కలిపేయొద్దు. కష్టాలు పడ్డ ప్రతివాడూ నచ్చడు. "పాపం చిన్నప్పుడే తల్లి పోయింది" అని రాసిన వాక్యం కనిపిస్తే నేను కొట్టేస్తాను. అది రచయిత పెట్టిన కష్టం, పాత్ర చేసిన పని కాదు. "అచ్చం నాలాగే ఉంటాడు" అన్నదీ కొట్టేస్తాను. మీ గురించి రాసుకోవాలంటే డైరీ ఉంది.

చేసిన పనులే కాదు, చేయకుండా ఆగిన చోట్లు కూడా వెతకండి. 1909లో గురజాడ తిరగరాసిన 'కన్యాశుల్కం' చివర్లో మధురవాణి సౌజన్యారావు పంతుల్ని ఒక ముద్దు అడుగుతుంది. ఆయన తనతో తను పెనుగులాడి, చివరికి ఒప్పుకునేసరికి, చెడనివాళ్ళని చెడగొట్టొద్దని తల్లి చెప్పిందంటూ తనే ఆగిపోతుంది. నాటకమంతా ఆమె మాటల గడుసుదనానికి పడిపోయామనుకుంటాం. నన్నడిగితే పడిపోయింది ఆ ఆగడం దగ్గర. ఆమె ప్రధాన పాత్రే కాదు, గిరీశమే అని వాదించేవాళ్ళున్నారు. వాళ్ళు గిరీశం మీద రాసుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. పేజీ మాత్రం చూపించాలి.

ఇంకో పద్ధతి ఈమధ్య బాగా ప్రచారంలో ఉంది. ధైర్యానికి పదికి ఇన్ని, హాస్యానికి ఇన్ని, దయకి ఇన్ని అని మార్కులు వేసి కూడటం. చూడటానికి శాస్త్రీయంగా ఉంటుంది. ఆ లెక్కన ఎమ్మాకి దయలో బాక్స్ హిల్ ముందు ఎన్ని వేస్తారు, మర్నాడు ఎన్ని వేస్తారు? సగటు తీస్తారా? మార్కుల పట్టికకి రెండు రోజుల మధ్య రాత్రి కనపడదు.

అయిదో మెట్టు: ఆ పేజీ తీసేసి చూడండి

మీరు గీత గీసిన ఘట్టం పుస్తకంలో లేదనుకోండి. అప్పుడు కూడా ఆ మనిషి అంతే నచ్చితే మీరు పట్టుకున్నది తప్పు చోటు. గీత చెరిపి మళ్ళీ వెతకండి. పెన్సిలు ఎందుకన్నానో ఇప్పుడు అర్థమైందా? నాకు సాధారణంగా మూడో గీత నిలుస్తుంది. మొదటిదే నిలిచిందంటే అనుమానిస్తాను.

ఆరో మెట్టు: రాయండి

పొద్దున్నే రాయండి, రాత్రిపూట రాస్తే ప్రతి పాత్రా మహాత్ముడైపోతుంది. ఆ ఘట్టంతోనే మొదలుపెట్టండి. దానికి ముందు కథ ఎంత అవసరమో అంతే చెప్పండి. పాత్ర లోపాలు దాచకండి, వాటివల్లే ఆ ఘట్టానికి బరువొచ్చింది. విశేషణాలు మొత్తం వ్యాసానికి మూడు మించకూడదు. మించితే ఏమవుతుందని ఒకావిడ నన్నడిగింది. ఏమీ కాదు, నేను చదవను.

రెండో మెట్టులో మడిచి పెట్టిన కాగితం ఇప్పుడు తీయండి. అందులో ఉన్నదీ ఇప్పుడు రాసినదీ ఒకటే అయితే మీరు పుస్తకం మళ్ళీ చదవలేదు, తిరగేశారు.

ఆఖరి పరీక్ష. వ్యాసంలో పాత్ర పేరు, పుస్తకం పేరు చెరిపేసి, ఆ పుస్తకం చదివిన ఎవరికైనా ఇవ్వండి. ఎవరి గురించో చెప్పేస్తే సరే. "ఎవరో మంచివాడిలా ఉన్నాడు" అంటే పెన్సిలు చెక్కుకుని నాలుగో మెట్టుకి రండి.