క్రైమ్ లెక్కకూ, కళ్ల ముందు కనిపించేదానికీ పొంతన కుదరట్లేదా?

సమస్య: మా కాలనీలో దొంగతనాలు పెరిగాయి, పోలీసుల లెక్కలో మాత్రం తగ్గాయి

కారణం: ఏడాది చివర ప్రెస్‌మీట్‌లో చెప్పేది నమోదైన కేసుల లెక్క. జరిగిన నేరాలన్నీ అందులోకి రావు. హన్మకొండ బస్టాండ్‌లో బస్సెక్కే తోపులాటలో ఎవరో జేబులోంచి ఫోన్ కొట్టేశారనుకోండి. స్టేషన్‌కు వెళ్లి "ఫోన్ పోయింది సార్" అని దరఖాస్తు ఇస్తాం. పోయిన ఫోన్లను బ్లాక్ చేసే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ సీఈఐఆర్ పోర్టల్‌లో వివరాలు ఎక్కించి ఫోన్ బ్లాక్ చేయిస్తారు. ఫోన్ దొరికినా దొరకొచ్చు. కానీ ఎఫ్ఐఆర్ లేదు కాబట్టి ఆ దొంగతనం లెక్కలోకే రాదు.

పరిష్కారం: దొంగతనమైతే దొంగతనమనే రాయండి. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ జేబులోంచి అన్నది వివరంగా పెట్టండి. ఫిర్యాదులో కాగ్నిజబుల్ నేరం (వారెంట్ లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరం) కనిపిస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని లలిత కుమారి కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. కాపీ ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం పై అధికారికి పోస్టులో పంపవచ్చు, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు.

ఇంకో మాట. కేసులు పెరిగాయనగానే స్టేషన్‌ను తప్పుపట్టకండి. వచ్చిన ప్రతి ఫిర్యాదూ తీసుకునే స్టేషన్‌లో లెక్క పెరగడం సహజం. అలాంటి ఎస్సైని తిడితే, తర్వాత వచ్చేవాళ్లు కేసులు కట్టడానికే వెనకాడతారు. నష్టం మనకే.

సమస్య: ఒక్క ఏడాదిలో ములుగు క్రైమ్ రేటు ఎగబాకింది

కారణం: క్రైమ్ రేటు అంటే లక్ష జనాభాకు ఎన్ని కేసులు అని. 2011 జనాభా లెక్కల ప్రకారం ములుగు ప్రాంత జనాభా మూడు లక్షల లోపే. రెండేళ్లకోసారి మేడారం జాతరకు అంతకు ఎన్నో రెట్ల జనం వస్తారు. జంపన్నవాగు దగ్గర జరిగే జేబుదొంగతనాల కేసులన్నీ జిల్లా ఖాతాలో పడతాయి, భక్తులు మాత్రం జనాభాలో లేరు. జాతరలో 300 కేసులు అయ్యాయనుకుంటే, రేటు లక్షకు 100 పెరిగినట్టే.

పరిష్కారం: జాతర ఏడాదిని అంతకుముందు జాతర ఏడాదితోనే పోల్చండి.

సమస్య: వరంగల్ జిల్లా పాత లెక్క, కొత్త లెక్క కలవట్లేదు

కారణం: హద్దులు మారాయి. 2016లో పాత జిల్లా ముక్కలైంది. 2021లో వరంగల్ అర్బన్ హన్మకొండగా, రూరల్ వరంగల్‌గా మారాయి, కొన్ని మండలాలు అటూ ఇటూ వెళ్లాయి. పైగా వరంగల్ పోలీస్ కమిషనరేట్ పరిధిలో జనగామ జిల్లా కూడా ఉంది.

పరిష్కారం: జిల్లా పేరు నమ్ముకోవద్దు, స్టేషన్లవారీగా చూడండి.

సమస్య: కమిషనరేట్ చెప్పిందొకటి, ఎన్‌సీఆర్‌బీ (దేశమంతటి నేరాల లెక్కలు తీసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పుస్తకంలో ఉన్నదొకటి

కారణం: ఒకే ఎఫ్ఐఆర్‌లో హత్య, దోపిడీ రెండూ ఉంటే ఎన్‌సీఆర్‌బీ పెద్ద నేరం ఒక్కదాన్నే లెక్కిస్తుంది. పుస్తకం కూడా ఆలస్యంగా వస్తుంది. 2022 లెక్కలు 2023 డిసెంబర్‌లో వచ్చాయి. అందులోని మహానగరాల పట్టికలో 20 లక్షలు దాటిన 19 నగరాలే ఉంటాయి. హైదరాబాద్ ఉంది, వరంగల్ లేదు.

పరిష్కారం: ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. లైంగిక నేరాల వంటి సున్నితమైన కేసులకు మినహాయింపు ఉంది, అది ఉండాల్సిందే. మొత్తం లెక్క కావాలంటే పది రూపాయల ఫీజుతో ఆర్టీఐ పెట్టండి. నెలవారీగా, స్టేషన్‌వారీగా, నేరం రకాన్ని బట్టి ఇవ్వమని అడగండి. శాతాలు కాదు, కేసుల సంఖ్యే కావాలని స్పష్టంగా రాయండి. రెండు హత్యలు మూడైతే కూడా 50 శాతం పెరిగినట్టే కనిపిస్తుంది.