ద్రవ ఇంధన బర్నర్లు – 4వ పాఠం: మండని నూనె ఎక్కడికి పోతుంది?

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న వేసి ఆపాను. గిన్నెలో ఉన్న చల్లని కిరోసిన్ అగ్గిపుల్లకు అంత తేలిగ్గా అంటుకోదు. అదే కిరోసిన్ వత్తికి ఎక్కితే ఒక్క పుల్లతో ఎందుకు అంటుకుంటుంది? (చేసి చూడమని కాదు, ఆలోచించమని అడిగాను.) జవాబు మొదటి పాఠంలోనే ఉంది. ద్రవం మండదు, దాని ఆవిరి మండుతుంది. కిరోసిన్ మీద అంటుకునేంత ఆవిరి లేవాలంటే అది దాదాపు 38 డిగ్రీలైనా వేడెక్కాలి. గిన్నెలో అయితే పుల్ల వేడి మొత్తం నూనెలోకి పాకి చల్లారిపోతుంది. వత్తి మీద ఉండేది పలచటి పొర కాబట్టి క్షణంలో కాగుతుంది. డీజిల్‌కు ఇంకాస్త ఎక్కువ వేడి కావాలి, 50 డిగ్రీలు దాటాలి. పెట్రోల్‌కు సున్నాకు 40 డిగ్రీలు కిందున్నా చాలు. అందుకే ఈ పాఠాల్లో ఎక్కడా పెట్రోల్ వాడం.

బర్నర్ కొత్తగా కట్టినవాళ్లు మంట ఫోటో పంపిస్తారు. ఎంత నీలంగా వచ్చిందో, ఎంత ఎత్తు లేచిందో చూడమంటారు. నేను అడిగేది మాత్రం బర్నర్ అడుగుభాగం ఫోటో. మంటకు వెళ్లిన నూనె సంగతి మంటే చూసుకుంటుంది. మనల్ని ముంచేది మంటకు అందని నూనె. ఒక్కో డిజైన్‌లో అది ఒక్కో చోట చేరుతుంది. ఆ చోటు ఏదో చెప్పలేకపోతే ఆ బర్నర్‌ను వెలిగించే అర్హత మనకింకా రాలేదన్నట్టే.

వత్తుల స్టవ్వుతో మొదలుపెడదాం. ఇది అన్నిటికంటే బుద్ధిమంతురాలు. వత్తి తనకు కావలసినంతే పీల్చుకుంటుంది, మిగతాది ట్యాంకులోనే ఉంటుంది. మంట ఆరితే పీల్చడమూ ఆగిపోతుంది. ఇందులో చూసుకోవలసినవి రెండే. వత్తి లేని ఖాళీ గొట్టం ఒక్కటి ఉన్నా మంట దాని గుండా ట్యాంకులోకి దిగే దారి ఏర్పడుతుంది. ఇక వెలుగుతుండగా నూనె పోయకూడదు. అంతే, ముందుకు పోదాం.

పంపు స్టవ్వు సంగతి వేరు. 1892లో స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ తయారుచేసిన ప్రైమస్ స్టవ్వు దీనికి మూలం. గాలి ఒత్తిడితో నూనె పైకెక్కి, కాగిన గొట్టంలో ఆవిరై, సన్నని బెజ్జం గుండా బయటికొచ్చి మండుతుంది. గొట్టం ముందే కాగి ఉండాలి, అందుకే కింద చిన్న కప్పులో స్పిరిట్ వెలిగిస్తాం. ఆ కాస్త ఓపిక లేక తొందరపడి పంపు కొడితే బెజ్జంలోంచి ఆవిరికి బదులు నూనే చిమ్ముతుంది. పసుపు మంట అడుగున్నర ఎత్తు లేస్తుంది, కప్పు నిండి పొర్లుతుంది. అప్పుడు ఊదడం, గుడ్డ కప్పడం లాంటి ప్రయోగాలు వద్దు. గాలి వదిలే స్క్రూ తిప్పండి. ఈ స్టవ్వుకు అసలు కుళాయి ఒత్తిడే, అది దిగిపోతే నూనె రాదు. కప్పులో ఉన్నది మండి ఆరిపోతుంది. స్క్రూ ఎటు తిప్పితే వదులవుతుందో వెలిగించక ముందే ఒకసారి చేత్తో చూసి పెట్టుకోండి. మంట లేచాక వెతుక్కునే సమయం ఉండదు.

ఇప్పుడు కుండ బర్నర్. చాలామంది ఇంట్లో కట్టుకునేది ఇదే, చాలామంది చేతులు కాల్చుకునేదీ ఇదే. ఇనుప కుండ అడుగున నూనె చుక్కలు చుక్కలుగా పడుతుంది. కుండ వేడికి ఆవిరవుతుంది. గోడల్లో వరుసగా ఉన్న బెజ్జాల గుండా గాలి వచ్చి కలుస్తుంది. కదిలే భాగమంటూ ఏదీ లేదు. చూస్తే ఇంతకంటే తేలికైనది ఉండదనిపిస్తుంది. కానీ వత్తికున్న తెలివి దీనికి లేదు. మంట ఉన్నా లేకపోయినా చుక్క పడుతూనే ఉంటుంది.

నేను కట్టిన మొదటి కుండకు నీడిల్ వాల్వ్ (సూదిమొనతో నూనె చుక్కల్ని పెంచి తగ్గించే చిన్న కుళాయి) పెట్టాను. తెల్లవారుజామున చలిలో చుక్కలు లెక్కపెట్టి, మంట సరిగ్గా ఉందనుకుని పక్క పనిలో పడ్డాను. గంట గడిచేసరికి పొగగొట్టం విమానంలా హోరెత్తింది, కుండ అడుగు ఎర్రగా కాగిపోయింది. జరిగిందేమిటంటే, నూనె గొట్టం బర్నర్‌కు దగ్గరగా ఉండి వేడెక్కింది. వేడెక్కిన నూనె పలచబడింది. వాల్వ్ అంతే తెరిచి ఉన్నా ఎక్కువ నూనె దిగింది. ఎక్కువ నూనె దిగితే మంట పెరిగి గొట్టం ఇంకా వేడెక్కింది. పరుగున వెళ్లి వాల్వ్ కట్టేశాను. ఆ తర్వాత కూడా పావుగంట మండింది! అప్పటికే కుండలో మడుగు కట్టిన నూనెకు వాల్వ్‌తో పనేముంది? అంతసేపూ నేను చేయగలిగింది దూరంగా నిలబడి చూడటమే. టెన్షన్ అంటే ఏమిటో ఆ పావుగంటలో తెలిసింది.

ఆ రోజు తర్వాత నా కుండకు మూడు మార్పులు చేశాను. నూనె గొట్టాన్ని వేడికి దూరంగా తిప్పాను. ట్యాంకుకు, కుండకు మధ్య ఫ్లోట్ (నూనె మీద తేలుతూ, మట్టాన్ని బట్టి దారి మూసి తెరిచే బిళ్ల) ఉన్న చిన్న డబ్బా పెట్టాను. ట్యాంకు నిండుగా ఉన్నా అడుగంటినా కుండకు వెళ్లే నూనె మట్టం మారకుండా అది చూస్తుంది. ఇక కుండ గోడకు, గాలి బెజ్జాల కింది వరుస కంటే తక్కువ ఎత్తులో, ఒక పొర్లు గొట్టం వెల్డింగ్ చేయించి, దాన్ని కిందికి వాలుగా ఇనుప డబ్బాలోకి దించాను. మధ్యలో ‘యు’ ఆకారంలో వంపు ఉంటుంది. ఆ వంపులో ఎప్పుడూ కాస్త నూనె నిలిచి ఉంటుంది కాబట్టి కుండలోని మంట గానీ వేడి వాయువులు గానీ డబ్బాలోకి దిగవు. మూడింటిలో నాకు ఎక్కువ నిద్ర పట్టించింది మూడోదే.

కుండలో మంట దానంతటదే ఆరిపోతే ఏం చేయాలి? ముందు వాల్వ్ కట్టేయండి. తర్వాత ఏమీ చేయకండి. వేడి కుండలో నూనె పడితే తెల్లటి పొగలాంటిది లేస్తుంది. అది మామూలు పొగ కాదు, మండటానికి సిద్ధంగా ఉన్న నూనె ఆవిరి. గదంతా అలుముకున్న ఆ ఆవిరిలోకి పుల్ల గీసి చూపిస్తే కుండ ఒక్కటే అంటుకోదు. కుండ చేత్తో పట్టుకునేంత చల్లారాలి. అడుగున నిలిచిన నూనె అంతా తుడిచి తీయాలి. అప్పుడు మళ్లీ మొదటి నుంచి వెలిగించాలి. గంట పడుతుంది, పట్టనివ్వండి.

ఇదే తప్పు గన్ బర్నర్ దగ్గర ఇంకో రూపంలో కనిపిస్తుంది. బాయిలర్లకు బిగించే ఈ బర్నర్‌లో పంపు నూనెను దాదాపు 7 బార్ ఒత్తిడితో నాజిల్ గుండా తుంపరగా కొడుతుంది. ఫ్యాన్ గాలి ఇస్తుంది, ఎలక్ట్రోడ్ల మధ్య నిప్పురవ్వ వెలిగిస్తుంది. ఒక కన్ను (వెలుతురును పసిగట్టే సెన్సర్) మంట వచ్చిందా లేదా అని చూస్తుంటుంది. రాకపోతే కంట్రోలర్ కొన్ని సెకన్లు చూసి అంతా ఆపేస్తుంది. అప్పుడు మనిషి వెళ్లి రీసెట్ బటన్ నొక్కుతాడు. రాలేదు. మళ్లీ నొక్కుతాడు.

లెక్క వేద్దాం. గంటకు 3 లీటర్లు కొట్టే బర్నర్ అనుకోండి, అంటే సుమారు 30 కిలోవాట్లు. కంట్రోలర్ 45 సెకన్లు ఎదురుచూసే పాత రకం. ఒక్కో ప్రయత్నంలో 37 మి.లీ. పైచిలుకు నూనె మండకుండా లోపల పడుతుంది. ఐదుసార్లు నొక్కితే దాదాపు 190 మి.లీ. టీ గ్లాసుడు కంటే ఎక్కువ. ఆరోసారి నిప్పురవ్వ పలికిందంటే, నాలుగు నిమిషాల సేపు నెమ్మదిగా రావలసిన వేడి అంతా ఒక్కసారిగా లేస్తుంది. పొగగొట్టం ఊడి, తలుపు తెరుచుకుని, గదంతా మసి కమ్మేది అందుకే. రీసెట్ బటన్ ఒక్కసారే. రెండోసారి నొక్కాలనిపిస్తే ముందు తలుపు తెరిచి లోపల నూనె నిలిచిందేమో చూడండి. తడి కనిపిస్తే తుడిచి, ఫ్యాన్‌తో గాలి ఆడనిచ్చి, అసలు మంట ఎందుకు రాలేదో కనిపెట్టాకే వెలిగించాలి.

గన్ బర్నర్‌లో మిగులు నూనె చేరే చోట్లు మరో రెండున్నాయి. బర్నర్ ఆగాక నాజిల్ చుక్కలు కారుస్తుంటే, గొట్టంలో గాలి బుడగ ఇరుక్కుందేమో అనుమానించాలి. ఒత్తిడి ఉన్నప్పుడు అణిగి ఉన్న బుడగ, పంపు ఆగగానే ఉబ్బి నూనెను బయటికి తోస్తుంది. గాలి తీసేస్తే సరిపోతుంది. రెండోది తిరుగు గొట్టం. రెండు గొట్టాల పద్ధతిలో పంపు తన అవసరానికి మించి నూనె లాగి, మిగిలింది ట్యాంకుకు వెనక్కి పంపుతుంది. ఆ తిరుగు దారిలో వాల్వ్ పెట్టకండి. ఎవరో శుభ్రం చేస్తూ దాన్ని కట్టేసి మరిచిపోతే, పోవడానికి దారిలేని నూనె పంపు సీలు చీల్చుకుని వస్తుంది.

ఇక నాకు ఇష్టమైనది బాబింగ్టన్ బంతి. దీన్ని కనిపెట్టింది రాబర్ట్ బాబింగ్టన్. మిగతా డిజైన్లన్నీ మిగులు నూనెను తప్పుగా చూస్తే, ఇది మిగులు మీదే బతుకుతుంది. బోలు లోహపు బంతి మీద పైనుంచి నూనె ధారగా పోస్తారు. అది పలచటి పొరై బంతి చుట్టూ జారుతుంది. లోపలి నుంచి గాలి ఒక సన్నని బెజ్జం గుండా దూసుకొచ్చి, అక్కడి పొరను చీల్చి పొగమంచులా చిమ్ముతుంది. అలా చిమ్మింది మండుతుంది. మిగిలిందంతా బంతి కిందికి కారి, గుంటలో చేరి, మళ్లీ పంపు ఎక్కుతుంది. బెజ్జంలోంచి వచ్చేది గాలే తప్ప నూనె కాదు కాబట్టి, నాజిల్‌ను పూడ్చేసే మురికి నూనె కూడా ఇక్కడ పనికొస్తుంది. వాడేసిన నూనెలతో కాల్చేవాళ్లు దీని వెంట పడేది అందుకే.

అయితే దీని ప్రాణం కారే గొట్టంలో ఉంది. గంటకు 20 లీటర్లు బంతి మీద పోస్తూ 3 లీటర్లు మండిస్తున్నామనుకోండి. 17 లీటర్లు వెనక్కి పోవాలి. కారే గొట్టం మూసుకుపోతే ఐదు నిమిషాల్లో దాదాపు లీటరున్నర నూనె మంట పక్కనే పొర్లుతుంది. కాబట్టి పోసే గొట్టం వేలంత ఉంటే కారే గొట్టం రెండు వేళ్లంతైనా ఉండాలి. మొత్తం దారి వాలుగా ఉండాలి, ఎక్కడా పైకి ఎక్కకూడదు. గుంటలో నూనె మట్టం పెరిగినా, పడిపోయినా పంపును ఆపే ఫ్లోట్ స్విచ్ పెట్టాలి. తిరిగొచ్చే నూనె మంట పక్కగా వచ్చి వేడెక్కి ఉంటుంది. గుంట చెయ్యి పెట్టలేనంత వేడెక్కిందంటే నూనె ఎక్కువసేపు మంట దగ్గరే తిరుగుతోందని అర్థం. గుంటకు మూత ఉండాలి. దాని ఆవిరి బయటికి పోయే గొట్టాన్ని మంటకు దూరంగా తిప్పాలి.

వాడేసిన ఇంజిన్ ఆయిల్‌లో పెట్రోల్ వాసన వస్తే దాన్ని పక్కన పెట్టేయండి. కాస్త కలిసినా నూనె అంటుకునే వేడి బాగా దిగిపోతుంది. మనం డీజిల్ కంటే మొద్దు నూనె అనుకుని వెలిగించేది నిజానికి అది కాకుండా పోతుంది. నీళ్లుంటే మంట చిటపటలాడి ఆరిపోతుంది, ఆపై ఏం జరుగుతుందో కుండ దగ్గర చూశాం. రెండు మూడు రోజులు కదపకుండా ఉంచి, అడుగునుంచి నీళ్లు వదిలేయాలి. ఏ రకమైనా పొగ బయటికి పోయే దారి లేని గదిలో వెలిగించవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ట్రే గురించి ఎవరూ అడగరు గానీ చెప్పాలి. బర్నర్ కింద పెట్టే ట్రేలో పై ట్యాంకులోని నూనె మొత్తం పట్టాలి. ట్రే అంత పెద్దది చేయలేమంటే ట్యాంకునే చిన్నది చేయండి. నాది 5 లీటర్లది. మాటిమాటికీ బర్నర్ ఆపి నింపడం విసుగే. కానీ జరగగల ప్రమాదం ఎంత పెద్దదో ముందే నా చేతుల్లో కొలిచి పెట్టుకున్నట్టుంటుంది. ఒలికిన నూనె మీద ఇసుక పోయండి, రంపపు పొట్టు వద్దు, అదే అంటుకుంటుంది. మండే నూనె మీద నీళ్లు అసలు వద్దు. లీటరు నీళ్లు ఆవిరైతే దాదాపు 1700 లీటర్లవుతుంది, ఆ ఉబ్బు మండే నూనెను గది నాలుగు మూలలకూ చిమ్ముతుంది. మూత, ఇసుక, పొడి రకం అగ్నిమాపక సిలిండర్ చేతికందే చోట ఉండాలి. అంటే బర్నర్ వెనక కాదు, తలుపు పక్కన. వంటనూనె, అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. అవి గాలి తగిలి లోలోపల కాగి వాటంతటవే అంటుకుంటాయి. బయట పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లున్న మూత డబ్బాలో వేయండి.

ఈ వారం అభ్యాసంలో నిప్పుతో పని లేదు. మీ నీడిల్ వాల్వ్‌ను ఒక చోట నిలిపి, చల్లని నూనెను 10 నిమిషాలు కొలపాత్రలోకి పట్టండి. మి.లీ. రాసుకోండి. వాల్వ్ కదపకుండా, ఎండలో పెట్టి గోరువెచ్చనైన అదే నూనెను మళ్లీ 10 నిమిషాలు పట్టండి. రెండు అంకెల మధ్య తేడా ఎంత? గంటకు లెక్కిస్తే ఆ తేడా నూనె మీ ట్రేలో ఎన్ని గంటలకు నిండుతుంది? తర్వాత బర్నర్ బొమ్మ గీసి, మంట ఇప్పుడే ఆరిపోయిందనుకుని, ట్యాంకు నుంచి నూనె ఎటు పోతుందో ఎర్ర పెన్సిల్‌తో గీత గీయండి. ఆ గీత వేడి ఇనుము మీద ఆగితే కొలతలు, బొమ్మ రెండూ దగ్గర పెట్టుకోండి. పొర్లు గొట్టం ఎక్కడ, ఎంత ఎత్తులో పెట్టాలో 5వ పాఠంలో ఆ బొమ్మ మీదే గీస్తాం.