హిస్టెరిసిస్ మోడల్ డేటాకి సరిపోవట్లేదా? లక్షణాన్ని బట్టి కారణం పట్టుకోండి

వనేడియం డయాక్సైడ్ పల్చటి పొరని వేడి చేస్తూ పోతే సుమారు 68 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని రెసిస్టెన్స్ అమాంతం పడిపోతుంది. ఈ సంగతి 1959లో బెల్ ల్యాబ్స్‌లో మోరిన్ బయటపెట్టాడు. చల్లార్చేటప్పుడు మాత్రం వచ్చిన దారిన వెనక్కి పోదు. ఇంకొన్ని డిగ్రీలు దిగితే గానీ రెసిస్టెన్స్ మళ్లీ పెరగదు. వెళ్లే దారి, వచ్చే దారి ఇలా వేరుగా ఉండటాన్నే హిస్టెరిసిస్ అంటారు; గ్రాఫ్‌లో ఆ రెండు దారులూ కలిసి ఒక లూప్ అవుతాయి. మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్ల కోర్ స్టీల్‌లో అయస్కాంత ఫీల్డ్ పెంచి తగ్గించినా ఇదే వరస. అందుకే ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ల వాళ్లూ అయస్కాంత పదార్థాల వాళ్లూ మోడల్స్‌ని ఒకరి దగ్గర ఒకరు తెచ్చుకుంటారు. బ్రెజిల్‌లో డి అల్మేడా బృందం 2000ల మొదట్లో వనేడియం డయాక్సైడ్ డిటెక్టర్ కోసం చేసిన 'లిమిటింగ్ లూప్ ప్రాక్సిమిటీ' మోడల్‌ని తర్వాత అయస్కాంత రంగం ముందుకూ తెచ్చారు. 1935 నాటి ప్రైజాక్ మోడల్ అయస్కాంత రంగం నుంచి ఈ పొరల వైపు వచ్చింది.

మోడల్ కుదరకపోతే చాలామంది ముందు పారామీటర్లు తిప్పడం మొదలుపెడతారు. అది ఆఖరి పని. కొలత సరిగా ఉందా, కోడ్ సరిగా ఉందా అని తేల్చుకున్నాకే ఫిట్టింగ్ జోలికి వెళ్లాలి. కింద ఉన్నవి కూడా దాదాపు ఆ వరుసలోనే ఉన్నాయి.

లక్షణం: వేడి చేసే వేగం మారిస్తే లూప్ వెడల్పు మారుతోంది

కారణం: మీరు చూస్తున్న వెడల్పులో కొంత హిస్టెరిసిస్ కాదు, ఆలస్యం. థర్మామీటర్ హాట్‌ప్లేట్‌లో ఉంటుంది, పొర సబ్‌స్ట్రేట్ (దాన్ని మోసే పలక) మీద ఉంటుంది. రెండింటి మధ్య వేడి చేరడానికి సమయం పడుతుంది. వేడి చేసేటప్పుడు పొర వెనకబడుతుంది, చల్లార్చేటప్పుడు ఇంకా వేడిగానే ఉంటుంది. లూప్ రెండు వైపులా సాగుతుంది. ఇలా కలిసే అదనపు వెడల్పు, ర్యాంప్ వేగాన్ని (వేడి చేసే వేగాన్ని) ఆలస్యపు సమయంతో గుణించి రెండింతలు చేస్తే వస్తుంది. నిమిషానికి 6 డిగ్రీల వేగం, 10 సెకన్ల ఆలస్యం ఉంటే లేని 2 డిగ్రీలు లూప్‌లో చేరతాయి. నాణ్యమైన సింగిల్ క్రిస్టల్ అసలు వెడల్పే ఒకటి రెండు డిగ్రీలు. అంటే అక్కడ కొలిచినదాంట్లో సగానికి పైగా అబద్ధం కావచ్చు.

పరిష్కారం: కనీసం మూడు వేగాలతో కొలిచి, వెడల్పుని వేగానికి ఎదురుగా గీయండి. గీతని సున్నా వేగం దాకా పొడిగిస్తే అక్కడ మిగిలేదే అసలు హిస్టెరిసిస్. మోడల్‌కి ఇవ్వాల్సింది ఆ విలువే. ఆలస్యాన్ని కూడా సిమ్యులేషన్‌లో చూపించాలంటే దాన్ని వేరే ఫస్ట్ ఆర్డర్ సమీకరణంగా ముందు పెట్టండి. హిస్టెరిసిస్ వెడల్పులో కలిపేస్తే ఒక వేగానికి కుదిరి, ఇంకో వేగానికి తప్పుతుంది.

లక్షణం: బయాస్ (కొలవడానికి ఇచ్చే కరెంట్ లేదా వోల్టేజ్) మారిస్తే ట్రాన్సిషన్ (రెసిస్టెన్స్ పడిపోయే చోటు) పక్కకి జరుగుతోంది, ఒక్కోసారి రెసిస్టెన్స్ నిట్టనిలువుగా దూకుతోంది

కారణం: సెల్ఫ్ హీటింగ్, అంటే కొలిచే కరెంటే పొరని వేడెక్కించడం. గాలిలో వేలాడే మైక్రోబోలోమీటర్ (ఇన్‌ఫ్రారెడ్ వేడిని పట్టే చిన్న సెన్సర్) వంతెన నుంచి వేడి బయటికి పోయే దారి చాలా సన్నం. కెల్విన్‌కి 0.1 మైక్రోవాట్ స్థాయి కండక్టెన్స్ మామూలే. అలాంటి చోట ఒక్క మైక్రోవాట్ బయాస్ పవర్‌కే ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరుగుతుంది. హాట్‌ప్లేట్ 60 అంటుంది, పొర 70 దగ్గర ఉంటుంది. వోల్టేజ్ బయాస్ అయితే ఇంకో ప్రమాదం: రెసిస్టెన్స్ పడేకొద్దీ పవర్ పెరుగుతుంది, దాంతో వేడి పెరుగుతుంది, దాంతో రెసిస్టెన్స్ ఇంకా పడుతుంది. ఆ దూకుడు పదార్థం గుణం కాదు, సర్క్యూట్ చేసిన పని.

పరిష్కారం: కరెంట్ బయాస్‌కి మారండి, లేదా పెద్ద సిరీస్ రెసిస్టర్ పెట్టండి. రెసిస్టెన్స్ పడితే పవర్ కూడా పడుతుంది కాబట్టి నిలకడగా ఉంటుంది. కరెంట్ సగానికి తగ్గించి మళ్లీ కొలవండి. కర్వ్ కదలకపోతే ఆ డేటాని నమ్మవచ్చు.

లక్షణం: అయస్కాంత లూప్ మూసుకోవట్లేదు, లేదా పక్కకి వాలిపోయింది

మూసుకోకపోతే దాదాపు ఎప్పుడూ ఇంటిగ్రేటర్ డ్రిఫ్టే. పికప్ కాయిల్ వోల్టేజ్‌లో మైక్రోవోల్ట్ ఆఫ్‌సెట్ ఉన్నా ఇంటిగ్రేట్ చేసేసరికి కొండంత అవుతుంది. స్థిరపడ్డ పూర్తి సైకిళ్ల మీద సగటు వోల్టేజ్ సున్నా కావాలి. ఆ సగటుని తీసేసి తర్వాత ఇంటిగ్రేట్ చేయండి.

వాలిపోతే శాంపిల్ ఆకారాన్ని చూడండి. తెరిచి ఉన్న ముక్కల్లో డీమాగ్నెటైజింగ్ ఫీల్డ్ ఉంటుంది. లోపలి ఫీల్డ్ అంటే బయటి ఫీల్డ్‌లోంచి మాగ్నెటైజేషన్‌లో కొంత భాగం తీసివేయగా మిగిలింది. గోళానికైతే ఆ భాగం మూడో వంతు. కోయర్సివిటీ (మాగ్నెటైజేషన్‌ని సున్నాకి తెచ్చే ఎదురు ఫీల్డ్) మారదు గానీ రెమనెన్స్ (ఫీల్డ్ తీసేశాక మిగిలే మాగ్నెటైజేషన్), పర్మియబిలిటీ రెండూ తక్కువ కనిపిస్తాయి. రింగ్ ఆకారపు కోర్ వాడితే ఈ తలనొప్పి ఉండదు. ఫ్రీక్వెన్సీతో లూప్ లావవుతుంటే అది ఎడ్డీ కరెంట్ల (కోర్ లోపల సుడులు తిరిగే కరెంట్ల) పని. స్టాటిక్ మోడల్‌కి తక్కువ ఫ్రీక్వెన్సీ డేటా ఇచ్చి, ఎడ్డీ నష్టాలని విడిగా కలపండి.

యూనిట్లు కూడా ఒకసారి చూసుకోండి. పాత డేటాషీట్లలో అయర్‌స్టెడ్‌లు ఉంటాయి. ఒక అయర్‌స్టెడ్ అంటే మీటరుకి 79.58 ఆంపియర్లు.

లక్షణం: మొదటి లూప్ ఒకలా, తర్వాతవి ఇంకోలా వస్తున్నాయి

కారణం: మొదలయ్యేటప్పుడు పదార్థం ఏ స్థితిలో ఉందో మోడల్‌కి తెలియదు. ఉష్ణోగ్రత 66 డిగ్రీలు అని చెప్తే చాలదు. కింది నుంచి వచ్చి 66 దగ్గర ఆగిందా, పై నుంచి దిగి ఆగిందా అన్నదాన్ని బట్టి రెసిస్టెన్స్ పది రెట్లు తేడా ఉండొచ్చు.

పరిష్కారం: ప్రతి కొలతా తెలిసిన చోటు నుంచి మొదలవ్వాలి. వనేడియం డయాక్సైడ్‌ని ట్రాన్సిషన్‌కి బాగా దిగువకి, గది ఉష్ణోగ్రతకి చల్లారిస్తే పాత జ్ఞాపకాలన్నీ పోతాయి. కోర్‌ని అయితే, దిశ మారుతూ మెల్లగా తగ్గే ఫీల్డ్‌తో డీమాగ్నెటైజ్ చేయాలి. కోడ్‌లో కూడా అదే చరిత్రని ముందు నడిపించి, తర్వాతే డేటాతో పోల్చండి.

లక్షణం: చల్లటి వైపు ఫిట్ అద్దంలా ఉంది, వేడి వైపు అస్సలు కుదరట్లేదు

మంచి పొరలో రెసిస్టెన్స్ రెండు మూడు డెకేడ్లు (వంద నుంచి వెయ్యి రెట్లు) మారుతుంది. నేరుగా ఓమ్స్ మీద లీస్ట్ స్క్వేర్స్ చేస్తే చల్లటి వైపు ఉన్న పెద్ద అంకెలే ఎర్రర్‌ని శాసిస్తాయి. లాగరిథమ్ మీద ఫిట్ చేయండి, అంతే.

లక్షణం: మోడల్ గ్రాఫ్ రంపంలా వస్తోంది, లేదా మధ్యలో అంకెల బదులు 'నాన్' (NaN, అంటే 'అంకె కాదు') అని వస్తోంది

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. కొంచెం లోపలికి వెళ్తే కారణం తేలిపోతుంది.

లిమిటింగ్ లూప్ ప్రాక్సిమిటీ మోడల్ ప్రతి మలుపు (వేడి నుంచి చల్లార్చడానికి, లేదా తిరిగి వేడికి దిశ మారే చోటు) దగ్గరా ఒక లెక్క వేసుకుంటుంది: మలుపు తిరిగిన బిందువు నుంచి, ఇప్పుడు వెళ్తున్న దిశకి చెందిన బయటి లూప్ (పూర్తిగా వేడి చేసి పూర్తిగా చల్లారిస్తే వచ్చే పెద్ద లూప్) ఎన్ని డిగ్రీల దూరంలో ఉంది? దీన్ని ప్రాక్సిమిటీ ఉష్ణోగ్రత అంటారు. మలుపు నుంచి మీరు కదిలిన దూరాన్ని దీనితో భాగించి, ఆ నిష్పత్తిని బట్టి కర్వ్‌ని మెల్లగా బయటి లూప్‌కి చేరుస్తుంది.

ఇప్పుడు వేడి చేస్తున్నారు, బయటి లూప్ మీదే ఉన్నారు. థర్మామీటర్ నాయిస్ వల్ల ఒక శాంపిల్ 0.02 డిగ్రీలు కిందకి వచ్చింది. కోడ్ దాన్ని మలుపు అనుకుంటుంది. తర్వాతి శాంపిల్ మళ్లీ పైకి వెళ్తే ఇంకో మలుపు. ఈ రెండో మలుపు దగ్గర బిందువు వేడి వైపు లూప్‌కి ఆనుకునే ఉంటుంది కాబట్టి ప్రాక్సిమిటీ ఉష్ణోగ్రత దాదాపు సున్నా. సున్నాకి దగ్గరి అంకెతో భాగిస్తే నిష్పత్తి ఎటైనా పోతుంది. సరిగ్గా సున్నా అయితే 'నాన్'.

ఇంకో దారి కూడా ఉంది. పొర పూర్తిగా సెమీకండక్టర్‌గా గానీ పూర్తిగా మెటల్‌గా గానీ ఉన్నప్పుడు మలుపు వస్తే, ప్రాక్సిమిటీ ఉష్ణోగ్రత లెక్కలో ఉండే విలోమ టాంజెంట్ హైపర్బోలిక్ అనంతానికి పోతుంది.

పరిష్కారం మూడు చోట్ల ఉంది. మలుపుని గుర్తించడానికి ఒక హద్దు పెట్టండి: చివరి గరిష్ఠం నుంచి నాయిస్‌కి మూడు నాలుగు రెట్లు వెనక్కి వస్తేనే మలుపు. కేవలం స్మూతింగ్ చేసి వదిలేయకండి, అది కొత్త ఆలస్యాన్ని తెచ్చిపెడుతుంది. రెండోది, భాగహారానికి ముందు ప్రాక్సిమిటీ ఉష్ణోగ్రత మరీ చిన్నదైతే బయటి లూప్ విలువనే నేరుగా తీసుకోండి. మూడోది, సెమీకండక్టర్ వాటాని సున్నాకీ ఒకటికీ తగలనీయకుండా రెండు వైపులా పదిలక్షల్లో ఒక వంతు దగ్గర ఆపేయండి.

లక్షణం: మలుపు తిరిగిన వెంటనే కర్వ్ తప్పు దిశలో పోతోంది

వేడి ఆపి చల్లారుస్తుంటే రెసిస్టెన్స్ పెరగాలి, లేదా దాదాపు ఉన్నచోటే ఉండాలి. మోడల్ మాత్రం ఇంకొంచెం తగ్గిస్తోంది. ప్రాక్సిమిటీ మోడల్‌లో అయితే గామా (ఆ మోడల్‌లో చిన్న లూప్‌ల ఆకారాన్ని నిర్ణయించే పారామీటర్) విలువ చూడండి. సమీకరణాన్ని మలుపు దగ్గర డిఫరెన్షియేట్ చేస్తే, అక్కడి వాలు బయటి లూప్ వాలుకి (1 - గామా) రెట్లు అని తేలుతుంది. గామా 1 దాటిందంటే వాలు గుర్తు తిరగబడుతుంది. ఫిట్టింగ్‌లో గామాకి 1ని పై హద్దుగా పెట్టండి.

అయస్కాంత పదార్థాలకి వాడే జైల్స్-అథర్టన్ మోడల్‌లో ఇదే జబ్బు పేరున్నది. ఫీల్డ్ తగ్గించడం మొదలుపెట్టగానే మాగ్నెటైజేషన్ పెరుగుతూ, ససెప్టిబిలిటీ (ఫీల్డ్‌తో మాగ్నెటైజేషన్ మారే వాలు) నెగటివ్ అవుతుంది. ఇది మీ కోడ్ తప్పు కాదు, మూల సమీకరణమే అలా ఉంది. ఫీల్డ్ పెరుగుతుండగా మాగ్నెటైజేషన్ యాన్‌హిస్టెరెటిక్ కర్వ్‌కి (హిస్టెరిసిస్ లేకపోతే వచ్చే కర్వ్‌కి) పైన ఉన్నా, తగ్గుతుండగా కింద ఉన్నా తిరిగిరాని భాగపు వాలుని సున్నా చేసేయాలి. అందరూ చేసే సవరణే ఇది. ఇంకో చిన్న పరీక్ష: ఆ మోడల్‌లో ఆల్ఫా అనే పారామీటర్‌ని సాచురేషన్ మాగ్నెటైజేషన్‌తో గుణిస్తే వచ్చేది, షేప్ పారామీటర్‌కి మూడు రెట్ల కన్నా తక్కువ ఉండాలి. ఎక్కువైతే యాన్‌హిస్టెరెటిక్ కర్వే రెండు ముక్కలవుతుంది, సాల్వర్ ఎటు పోవాలో తెలియక ఊగుతుంది. సాఫ్ట్ పదార్థాలకి 'కె' పారామీటర్‌ని కోయర్సివిటీకి దగ్గరలో మొదలుపెడితే ఫిట్టింగ్ త్వరగా కుదురుతుంది.

లక్షణం: లెక్కలో సెన్సర్ అద్భుతం, బెంచ్ మీద మామూలు

కారణం: సెన్సిటివిటీని బయటి లూప్ వాలు నుంచి లెక్కగట్టారు. ట్రాన్సిషన్ మధ్యలో ఆ వాలు డిగ్రీకి పదుల శాతంలో ఉండొచ్చు. కెమెరాల్లో వాడే మామూలు వనేడియం ఆక్సైడ్ పొరలు గది ఉష్ణోగ్రత దగ్గర ఇచ్చేది డిగ్రీకి సుమారు 2 శాతమే. ఈ తేడా చూసి ఉత్సాహపడటం సహజం. కానీ సెన్సర్ మీద పడే సిగ్నల్ ఉష్ణోగ్రతని కాస్త పైకీ కాస్త కిందకీ ఊపుతుంది. ప్రతి ఊపూ ఒక మలుపే, మలుపు దగ్గర వాలు ఎంతో పైనే చూశాం. గామా 0.95 అనుకుంటే ట్రాన్సిషన్ నుంచి వచ్చే వాలులో ఇరవయ్యో వంతే చేతికి మిగులుతుంది.

ప్రయోగాలు కూడా ఈ మాటే చెప్తాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్‌లో గుర్విచ్, లూరీ బృందం 2000ల చివర్లో చూపించినదాని ప్రకారం, పెద్ద లూప్ లోపల ఉష్ణోగ్రతని కొన్ని డిగ్రీల మేర ఊపితే రెసిస్టెన్స్ ఒకే గీత మీద పోయి వస్తుంది. హిస్టెరిసిస్ కనిపించదు. వాలు సెమీకండక్టర్ దశకి దగ్గరగా ఉంటుంది, రెసిస్టెన్స్ మాత్రం చాలా తక్కువ.

పరిష్కారం: డిజైన్ లెక్కలో చిన్న లూప్ వాలునే వాడండి. నా ఉద్దేశంలో ఇది నష్టం కూడా కాదు. హిస్టెరిసిస్ లేకుండా తక్కువ రెసిస్టెన్స్ దొరకడం రీడౌట్ సర్క్యూట్‌కి వరం. బయటి లూప్ వాలే కావాలంటే ప్రతి రీడింగ్‌కీ ముందు పొరని లూప్ బయటి దాకా చల్లార్చి, ఒకే దిశలో పైకి తేవాలి. దానికయ్యే సమయం, పవర్ ముందే లెక్కేసుకోండి.

లక్షణం: చిన్న లూప్‌లు మూసుకోవట్లేదు, ప్రైజాక్ వెయిట్లు నెగటివ్ వస్తున్నాయి

జైల్స్-అథర్టన్‌లో చిన్న లూప్ మూసుకుంటుందన్న గ్యారంటీ లేదు. ఇన్వర్టర్ మీద నడిచే మోటార్ కోర్‌లా హార్మోనిక్స్ ఎక్కువున్న చోట ఆ మోడల్‌తో కుస్తీ పట్టడం కన్నా ప్రైజాక్‌కి మారడమే నయం. అందులో మూసుకోవడం నిర్మాణంలోనే ఉంది. పెద్ద మలుపు చిన్న మలుపుల జ్ఞాపకాన్ని తుడిచేస్తుంది. దానికి బదులుగా, ఒకే రెండు హద్దుల మధ్య ఉన్న చిన్న లూప్‌లన్నీ ఒకే ఆకారంలో ఉండాలని అది పట్టుబడుతుంది. మీ పదార్థం ఆ షరతుకి ఎంత దూరమో, పెద్ద లూప్‌లో వేర్వేరు చోట్ల నుంచి అవే హద్దుల మధ్య రెండు లూప్‌లు కొలిచి చూసుకోండి.

ప్రైజాక్ పదార్థాన్ని లెక్కలేనన్ని చిన్న స్విచ్‌ల మొత్తంగా చూస్తుంది, ఒక్కో స్విచ్ వాటాయే వెయిట్. అవి నెగటివ్ రావడానికి ఎక్కువసార్లు కారణం, రివర్సల్ కర్వ్‌ల (మలుపు నుంచి మొదలయ్యే కర్వ్‌ల) డేటాని రెండుసార్లు డిఫరెన్షియేట్ చేయడం. నాయిస్ రెండుసార్లు పెద్దదవుతుంది. అసలు వెయిట్లు తీయకండి. రివర్సల్ కర్వ్‌ల మధ్య తేడాలనే ఎవరెట్ ఫంక్షన్‌గా టేబుల్‌లో దాచుకుని, అవసరమైన చోట ఇంటర్‌పొలేట్ చేస్తూ కూడండి. లెక్క కూడా వేగంగా నడుస్తుంది. టేబుల్ పలచగా ఉండి అంచుల్లో మెట్లు కనిపిస్తే, లూప్ నిటారుగా ఉన్న ప్రాంతంలోనే మరికొన్ని రివర్సల్ కర్వ్‌లు కొలవండి. చదునుగా ఉన్న చివర్లలో కొలవడం దండగ.