ఊళ్ళోనూ పేటలోనూ అభిప్రాయం అడిగేటప్పుడు

కోనసీమలో ఓ ఊరికి సర్వే కాగితాలు పట్టుకెళ్ళి "ఎటేస్తారండీ" అని అడిగితే "ఏముందండీ, అందరితో పాటే" అంటారు. అది అభిప్రాయం కాదు, మర్యాద. జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టడం మీద 2022 మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబడ్డాక ఆ మర్యాదకి జంకు కూడా తోడైతే వింతేం లేదు. అందుకని ఎటన్నది పక్కనపెట్టి, ఆ మాట ఆ మనిషి దాకా ఎలా వచ్చిందో అడగాలి.

ముందు ఊళ్ళు. కాలవ ఎగువన రెండు, శివారున రెండు, లంకల్లో రెండు తీసుకోండి. నీళ్ళందే తీరుని బట్టి గొడవలూ మారతాయి. ఓటర్ల జాబితాలో 1,200 పేర్లుంటే మొదటి 30లో ఒకటి చీటీ వేసి తీసి, అక్కణ్ణుంచి ప్రతి 30వ పేరూ రాసుకోండి. ఊరికి 40 మంది వస్తారు. ఆ మనిషి లేకపోతే పక్కింటాయన్ని అడిగేసి రావద్దు. ఊడ్పుల రోజుల్లో పగలు ఇంటి దగ్గర దొరికేది ముసలివాళ్ళే. సాయంత్రం పూట మూడుసార్లు వెళ్ళండి. గల్ఫ్ వెళ్ళినవాళ్ళని "లేరు" అనే రాయండి.

"మీ ఇంటిపేరేంటి బాబూ?" అని అడిగారంటే మిమ్మల్నే కొలుస్తున్నారన్నమాట. దాన్ని తప్పించలేం. ఎవరు ఏ ఇంటికి వెళ్ళాలో చీటీలతో తేల్చి, ప్రతి ఫారం మీదా అడిగినవారి నంబరు వేయండి. ఒకే పేటలో (దళితవాడలో) అడిగిన ఇద్దరికి వేరువేరు జవాబులొస్తే తేడా ఎక్కడుందో అప్పుడు తెలుస్తుంది. ఆడవాళ్ళ దగ్గరికి ఆడవాళ్ళే వెళ్ళాలి, అత్తగారు పక్కన లేనప్పుడు.

నేరుగా చెప్పలేని మాటకి జాబితా పద్ధతి ఉంది. సగంమందికి నాలుగు వాక్యాలు, మిగతా సగానికి అవే నాలుగూ, వాటితో పాటు "పేటవాళ్ళు ఊరి గుడి కమిటీలో ఉంటే నాకు ఇబ్బందే" అన్న అయిదోదీ చదవండి. ఎన్నింటికి ఒప్పుకుంటారో అంకె చెబితే చాలు, ఏవన్నది అడగొద్దు. మొదటివాళ్ళ సగటు 2.1, రెండోవాళ్ళది 2.4 అయితే ఇబ్బంది పడేవాళ్ళు నూటికి 30 మంది. నాలుగూ అందరూ ఒప్పుకునేవే పెడితే "అయిదు" అన్నవాడి గుట్టు బయటపడిపోతుంది. కనీసం ఒకటి ఎవరూ ఒప్పుకోనిది ఉండాలి. అటు 300, ఇటు 300 మంది ఉన్నా లెక్క నూటికి సుమారు 16 అటూ ఇటూ ఊగుతుంది. ఒక్క ఊరి 40 మందితో ఇది చేయడం దండగ.

తర్వాత అసలు ప్రశ్న: "ఈ సంగతి మొదట ఎవరి నోట విన్నారండీ?" పేరొద్దు, వరస రాయండి: మేనమామ, కౌలుకిచ్చిన ఆసామి, పాస్టరుగారు, కులసంఘం వాట్సాప్ గ్రూపు. సార్వా (ఖరీఫ్) కోతలయ్యాక ఓసారి, దాళ్వా (రబీ) అయ్యాక మరోసారి అదే మనిషిని అడగండి. అభిప్రాయం మారితే, మధ్యలో ఎవరితో మాట్లాడారో కూడా.

"తెలీదండి" అన్నదానికి ఒక్క గడి చాలదు. నిజంగా తెలియనివారికొకటి, చెప్పడం ఇష్టం లేనివారికొకటి, తలుపు వైపు చూసి నవ్వి ఊరుకున్నవారికి ఇంకొకటి.