పాత స్పిట్‌ఫైర్‌కి పెట్రోలు గొట్టాలు కొనేటప్పుడు

పోయిన మే నెలలో ఒక పొద్దున మా వాచ్‌మన్ మెట్లెక్కి వచ్చి, "అమ్మా, సార్ బండి దగ్గర పెట్రోలు వాసన వస్తోంది" అన్నాడు. మా ఆయనకి వాసనలు తెలియవు, జలుబు మనిషి. నేను కిందికి దిగాను. అంబత్తూరులో రబ్బరు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఇరవై ఆరేళ్లు పనిచేశాను కాబట్టి ఈ గొట్టాల గొడవ చివరికి నా నెత్తిన పడింది.

బండి 1972 ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, మార్క్ 4. మన మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కి దగ్గరి చుట్టం. హెరాల్డ్ ఛాసిస్‌నే కురచ చేసి ఇంగ్లండులో ఈ రెండు సీట్ల బండి కట్టారు. దీని ఇంజిన్‌లో ఒక చిక్కుంది. గాలి లోపలికి వెళ్లే మార్గం, పొగ బయటికి వచ్చే మార్గం రెండూ ఒకే పక్కన ఉంటాయి. అంటే పెట్రోలుని గాలిలో కలిపే రెండు ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లకి సరిగ్గా కిందే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్, అంటే పొగ బయటికి పోయే ఇనుప గొట్టాల గుత్తి, కాలుతూ ఉంటుంది. గొట్టం కారితే చుక్క ఎక్కడ పడుతుందో మీరే ఊహించుకోండి.

కారుతున్న గొట్టం వేసి రెండేళ్లే అయింది. పైన నల్లటి నూలు అల్లికతో పాతకాలం బండికి తగ్గట్టు ముచ్చటగా ఉంది. బ్లేడుతో నిలువునా చీల్చి చూస్తే లోపలి రబ్బరు ఎండిన చెరువు మట్టిలా నెర్రెలిచ్చింది. అల్లిక ఉన్న గొట్టంతో వచ్చే బాధే ఇది. మామూలు రబ్బరు గొట్టమైతే వంచి చూడగానే పగుళ్లు కనిపిస్తాయి, అల్లిక వాటిని దాచేస్తుంది. స్టీలు అల్లికైనా అంతే. అందుకని నేను అల్లిక లేనిదే కొంటాను. అందం తగ్గిందని మా ఆయన ఇప్పటికీ సణుగుతుంటాడు.

పాత గొట్టాల్లో వాడింది ఎక్కువగా నైట్రైల్ రబ్బరు. ఒట్టి పెట్రోలుకి అది బాగానే తట్టుకుంటుంది. ఇప్పుడు బంకులో దొరుకుతున్నది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో దీన్ని మొదలుపెట్టారు. ఇథనాల్ కలిస్తే పాత రబ్బరు ఎక్కువగా ఉబ్బుతుంది, రబ్బరుని మెత్తగా ఉంచే నూనెలు పెట్రోలులోకి కరిగి పోతాయి. రోజూ నడిచే బండిలో గొట్టం తడిగానే ఉంటుంది కాబట్టి కొంతకాలం బండి లాగిస్తుంది. మా బండిలా నెలకోసారి బయటికి తీసేదైతే మధ్యలో ఆరిపోయి, కుంచించుకుపోయి, అప్పడంలా పెళుసెక్కుతుంది.

కొనేటప్పుడు చూడాల్సింది గొట్టం ఒంటి మీది అచ్చు. ఎస్‌ఏఈ జె30 ఆర్9 అని ఉండాలి. ఎస్‌ఏఈ అంటే బండ్ల భాగాలకి ప్రమాణాలు పెట్టే అమెరికా ఇంజినీర్ల సంఘం, జె30 అది పెట్రోలు గొట్టాలకి పెట్టిన ప్రమాణం, ఆర్ పక్కన అంకె గొట్టం రకం. ఆర్6, ఆర్7 కూడా పెట్రోలు గొట్టాలే, కార్బురేటర్ బండ్ల కోసం చేసినవే. కానీ ఆర్9లో లోపలి పొర ఫ్లోరో రబ్బరు, అంటే వైటన్ పేరుతో అమ్మే జాతిది. ఇథనాల్‌కి అదే నిలుస్తుంది. ఆర్9 వంద పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి వంద పౌండ్లు) ఒత్తిడికి సరిపోతుందని దుకాణంలో గొప్పగా చెబుతారు. మన మెకానికల్ పంపు ఇచ్చేది రెండు మూడు పీఎస్‌ఐ, అంతే. మనకి కావలసింది ఆ లోపలి పొర, వంద పీఎస్‌ఐ కాదు. ఆర్14 అచ్చు దొరికినా తీసుకోవచ్చు. అచ్చే లేని గొట్టాన్ని ఎంత ఒరిజినల్ అన్నా వదిలేయండి. చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్డులో నాలుగు దుకాణాలు తిరిగితే ఒక్కచోటే అచ్చు, తయారీ తేదీ రెండూ ఉన్న గొట్టం దొరికింది. ధర మామూలు దానికి నాలుగు రెట్లు. కావలసింది మీటరున్నర.

ఒక హెచ్చరిక. ట్యాంకు లోపల మునిగి ఉండే గొట్టానికి ఆర్9 పనికిరాదు, దాని బయటి పొర పెట్రోలులో నానడానికి చేసింది కాదు. దానికి ఆర్10 వేరే ఉంది.

గొట్టం ఎక్కించే లోహపు పైపు బయటి కొలత వెర్నియర్‌తో (సన్న కొలతలు తీసే పనిముట్టు) తీసుకుని వెళ్లండి. పావు అంగుళం అంటే 6.35 మి.మీ., 5/16 అంగుళం అంటే దాదాపు 8 మి.మీ. వదులు గొట్టాన్ని క్లిప్పుతో బిగించి సరిపెడదామనుకోవద్దు.

వేయకూడనివి కూడా చెబుతాను, ఎందుకంటే ఇవన్నీ బండ్ల మీద నా కళ్లారా చూశాను: పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గొట్టం, నీళ్ల పైపు, వంటగ్యాసు ట్యూబు. ప్లాస్టిక్‌ది కొన్నాళ్లకి పసుపెక్కి గాజులా గట్టిపడుతుంది. రేడియేటర్‌కి వేసే నీలం సిలికోన్ గొట్టం ఖరీదైనదే, కానీ పెట్రోలు తగిలితే ఉబ్బిపోతుంది.

నమ్మకం కుదరకపోతే నా ల్యాబ్ పద్ధతి ఇంట్లోనే చేయొచ్చు. రెండంగుళాల ముక్క కోసి, మూత బిగుసుకునే గాజు సీసాలో బంకు పెట్రోలు పోసి అందులో వేసి, డాబా మీద నీడలో వారం ఉంచండి. వంటింటి దరిదాపుల్లో వద్దు, పిల్లలకి అందకూడదు. బయటి పొర ఉబ్బితే కంగారు పడకండి, దాన్ని ముంచింది మనమే. లోపలి రంధ్రం చూడండి. ముందు సులువుగా దూరిన డ్రిల్ బిట్ ఇప్పుడు పట్టకపోయినా, లోపలి పొర జిగురుగా అనిపించినా ఆ గొట్టం వద్దు.

క్లిప్పుల్లో పట్టీకి చీలికలు ఉండేవి రబ్బరుని కోసేస్తాయి. నున్నటి పట్టీ, అంచులు పైకి తిరిగిన ఫ్యూయల్ ఇంజెక్షన్ క్లిప్పులు కొనండి. అవి కూడా పక్కల నుంచి రబ్బరు పొంగేంత బిగించకూడదు.

బిగించే రోజు మేం బండిని స్టిల్ట్ పార్కింగ్ నుంచి ఆరుబయటికి నెట్టాం. ఇంజిన్ చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసి, పొడి రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పక్కన పెట్టుకున్నాం. గొట్టాన్ని కొత్త బ్లేడుతో కోయాలి. రంపంతో కోస్తే రబ్బరు పొడి కార్బురేటర్ సూది దగ్గర ఇరుక్కుంటుంది. గొట్టం ఎగ్జాస్ట్‌కి ఆనకుండా, మెలిక పడకుండా చూసుకోండి. ఇంజిన్ స్టార్ట్ చేసి ప్రతి జాయింటు కింద టిష్యూ కాగితం అద్దాను. పంపు దగ్గరది తడిసింది, ఆ క్లిప్పుని ఇంకో అర చుట్టు బిగించాల్సి వచ్చింది. వారం తర్వాత మళ్లీ అన్నీ అద్ది చూశాను, పొడిగానే ఉన్నాయి. వేసిన నెల, సంవత్సరం తెల్ల పెయింటుతో గొట్టం మీదే రాసి పెట్టాను.