చిన్నజాతి కుక్కపిల్లల పెంపకం: జత కట్టించడం మొదలు అప్పగించే దాకా

చిన్నజాతి కుక్కల పెంపకంలో పొరపాటు చేస్తే దిద్దుకునే వ్యవధి ఉండదు. చివావా, పొమరేనియన్, యార్క్‌షైర్ టెర్రియర్ వంటి జాతుల పిల్లలు పుట్టినప్పుడు వంద గ్రాములకు కాస్త అటూ ఇటూగా తూగుతాయి. అంత చిన్న ఒంట్లో కొవ్వు నిల్వ దాదాపు ఉండదు, కాలేయం దాచుకున్న చక్కెర కొద్ది గంటల్లోనే ఖర్చయిపోతుంది, ఒంటి వేడి కూడా ఇట్టే జారిపోతుంది. అందుకే ఈ జాతులను పెంచేవాళ్లు వెచ్చదనం, పాలు, మందుల విషయంలో ఎంతో శ్రద్ధ చూపుతారు. ఆ శ్రద్ధే ఒక్కోసారి హద్దు దాటి, పిల్లను నేల మీద కాలు మోపనివ్వని గారాబంగా మారుతుంది. నిండు ఆరోగ్యంతో ఉండి కూడా గడప దాటగానే వణికిపోయే కుక్కను అప్పగించడం నా దృష్టిలో రోగిష్టి పిల్లను అంటగట్టడంతో సమానం. కాబట్టి ఒంటి సంగతినీ మనసు సంగతినీ ఇక్కడ విడదీయకుండా చెబుతాను.

జతకు ముందు

పిల్లల ఆరోగ్యం తల్లిదండ్రుల ఎంపికతోనే సగం తేలిపోతుంది. చిన్నజాతుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే లోపం మోకాటి చిప్ప పక్కకు జారడం. దీన్ని పశువైద్యులు చేత్తో పరీక్షించి ఒకటి నుంచి నాలుగు వరకు గ్రేడు ఇస్తారు. నడుస్తూ నడుస్తూ వెనక కాలు ఎత్తేసి రెండు గంతులు వేసి మళ్లీ మామూలుగా నడిచే కుక్కను చూసి 'చిలిపి' అని మురిసిపోయేవాళ్లున్నారు. అది చిలిపితనం కాదు, చిప్ప జారి తిరిగి చోటికి రావడం. అలాంటి కుక్కతో జత కట్టించకూడదు. దీనికి తోడు ఒక్కో జాతికి దాని సొంత బెడద ఉంటుంది: కవాలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్‌కు గుండె కవాటం, యార్క్‌షైర్‌కూ మాల్టీస్‌కూ కాలేయాన్ని తప్పించుకుని పోయే రక్తనాళం, టాయ్ పూడిల్‌కు క్రమంగా చూపు పోగొట్టే రెటీనా క్షీణత. చివరిదాన్ని జన్యు పరీక్షతో ముందే పట్టుకోవచ్చు. తనకు జబ్బు లేకపోయినా లోపమున్న జన్యువును మోసే కుక్కను ఏ లోపమూ లేని కుక్కతో జత కట్టిస్తే పిల్లల్లో ఆ జబ్బు రాదు. ఆ జన్యువును మోసే రెండింటిని జత చేస్తే మాత్రం ప్రతి పిల్లకూ నాలుగింట ఒక వంతు ముప్పు ఉంటుంది. మెర్ల్ రంగున్న, అంటే లేత ఒంటి మీద ముదురు మచ్చలున్న, రెండు కుక్కలను జత చేయడం చెవిటి, గుడ్డి పిల్లలకు దారి తీస్తుంది కనుక ఆ పని ఎప్పుడూ చేయకూడదు. బ్రూసెల్లా కేనిస్ అనే బ్యాక్టీరియా పరీక్ష ఆడ, మగ రెండింటికీ చేయించాలి. అది గర్భస్రావం చేయిస్తుంది, మనుషులకూ సోకుతుంది.

మొదటి ఎదకే జత కట్టించడం తొందరపాటు. అలాగే జాతి ప్రమాణానికి మరీ తక్కువ బరువున్న ఆడకుక్కను ఈనించడం దాని ప్రాణంతో ఆడుకోవడమే. 'టీకప్' అనే జాతి ఏదీ లేదు, అది అమ్మకం కోసం పుట్టిన మాట. ఈతలో అన్నిటికంటే బక్కగా ఉన్న పిల్లకు ఆ పేరు తగిలించి ఎక్కువ ధర చెప్పే చోట మిగతా జాగ్రత్తల గురించి అడగడం వృథా.

ఈనే వేళ

చూలు సగటున 63 రోజులు. 55వ రోజు దాటాక ఎక్స్‌రే తీయిస్తే పిల్లలెన్నో లెక్క తెలుస్తుంది; ఆ లెక్క తెలియనివాళ్లు చివరి పిల్ల లోపలే ఉండిపోయిన సంగతి గమనించక తల్లినీ పోగొట్టుకుంటారు. లోపల ఒక్కటే పిల్ల ఉందని తేలితే మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే అది బాగా పెరిగి కటిద్వారంలో ఇరుక్కోవచ్చు, ఒక్కోసారి దానివల్ల నొప్పులే సరిగా మొదలుకావు. శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రి ఏదో, రాత్రిపూట ఎవరు పలుకుతారో ముందే కనుక్కుని పెట్టుకోవాలి.

చివరి వారంలో రోజుకు రెండుసార్లు మలద్వారం నుంచి ఉష్ణోగ్రత చూడాలి. మామూలుగా 38 డిగ్రీల సెల్సియస్‌కు పైన ఉండేది 37.2 కంటే కిందికి పడితే చాలావరకు 24 గంటల్లోపు ఈనుతుంది. గట్టిగా ముక్కుతున్నప్పటికీ అరగంటలో పిల్ల రాకపోయినా, లోపల ఇంకా పిల్లలుండగా రెండు గంటల పాటు ఏమీ జరగకపోయినా, మొదటి పిల్ల రాకముందే ముదురు ఆకుపచ్చ స్రావం కనిపించినా ఇక ఎదురుచూడకుండా డాక్టరును పిలవాలి.

చూలుతో ఉన్న కుక్కకు బలం కోసమని కాల్షియం పోయడం చాలామంది చేసే పొరపాటు. అలా చేస్తే ఎముకల్లోంచి కాల్షియాన్ని తీసుకునే శరీరపు ఏర్పాటు మందగించి, పాలిచ్చే రోజుల్లో పాలజ్వరం, అంటే రక్తంలో కాల్షియం పడిపోవడం, వచ్చే ప్రమాదం పెరుగుతుంది. నాలుగైదు పిల్లలకు పాలిస్తున్న చిన్న తల్లి ఈనిన తర్వాతి నాలుగు వారాల్లో ఎప్పుడైనా అదేపనిగా రొప్పుతూ, కాళ్లు బిగుసుకుని వణుకుతుంటే అది పాలజ్వరమే అనుకోవాలి. పిల్లలను వేరు చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, తెల్లారే దాకా ఆగకూడదు.

మొదటి రెండు వారాలు

ఈ రెండు వారాల్లో బ్రీడరుకు అన్నిటికంటే విలువైన పనిముట్టు ఒక్కో గ్రామునూ చూపగల త్రాసు. పిల్లలకు వేర్వేరు రంగుల గుర్తులు పెట్టి, రోజూ ఉదయం, సాయంత్రం ఒకే వేళకు తూచి పుస్తకంలో రాయాలి. నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంటుంది: ఎరుపు 112, 109, 113, 121, నీలం 104, 101, 100, 100. చూపుకు రెండు పిల్లలూ ఒకేలా ఉన్నాయి, రెండూ చన్ను పట్టుకునే ఉన్నాయి. నీలం పిల్ల నోట్లో పెట్టుకుంటోంది కానీ పాలు లాగడం లేదని చెప్పింది ఆ అంకెలే. మొదటి రోజు కొద్దిగా తగ్గడం మామూలే. ఆ తర్వాత రోజూ అయిదు నుంచి పది శాతం పెరగాలి, పది రోజులకల్లా పుట్టిన బరువుకు రెట్టింపు కావాలి. ఒక పూట పెరగకపోతే కారణం వెతకాలి: అంగిలి చీలిందా, తోబుట్టువులు నెట్టేస్తున్నాయా, తల్లికి ఆ వైపు పొదుగు గట్టిపడిందా అని.

పుట్టిన మొదటి 24 గంటల్లో జున్నుపాలు ప్రతి పిల్లకూ అందాలి. తల్లి ఇచ్చే రోగనిరోధక ప్రోటీన్లు పేగుల్లోంచి రక్తంలోకి చేరేది ఆ కాస్త వ్యవధిలోనే. పిల్లలకు వణికి వేడి పుట్టించుకునే శక్తి ఇంకా ఉండదు కనుక మొదటి వారం పెట్టెలో 29 నుంచి 32 డిగ్రీల వెచ్చదనం ఉండాలి. అయితే హీటింగ్ ప్యాడ్ పెట్టె సగానికే వేయాలి, ఎక్కువ వేడి అనిపించిన పిల్ల పాకి పక్కకు పోగలగాలి.

చల్లబడిన పిల్లకు పాలు పట్టకూడదు. ఈ మాటను నేను ఒక పిల్లను పోగొట్టుకుని నేర్చుకున్నాను. పెట్టె మూలకు జారి చల్లగా తగిలిన పిల్లను చూసి, ఆకలితో నీరసించిందనుకుని వెంటనే సీసాపాలు పట్టాను. ఒళ్లు చల్లబడితే పేగుల కదలిక ఆగిపోతుందని, పట్టిన పాలు అరగక లోపలే పాడవుతాయని అప్పటికి నాకు తెలియదు. ముందుగా ఒంటికి ఆనించుకుని మెల్లమెల్లగా, గంటో రెండు గంటలో వెచ్చబరచి, ఆ తర్వాతే పాలు పట్టాలి. పట్టేటప్పుడు పిల్లను ఎప్పుడూ బోర్లా ఉంచాలి, వెల్లకిలా ఉంచితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఈ వయసులో రోజూ కొన్ని సెకన్లు పిల్లను తలకిందులుగా పట్టుకోవడం, తడిగుడ్డ మీద నిలబెట్టడం వంటి కసరత్తులు చేయించే బ్రీడర్లున్నారు. వాటి ప్రయోజనం గురించి పరిశోధకులు ఒక్కమాట మీద లేరు. నేను చేయించను. రోజూ రెండుసార్లు చేతిలోకి తీసుకుని తూచడం, వారానికోసారి గోళ్ల కొసలు కత్తిరించడం ఆ వయసుకు సరిపడినంత చేతిస్పర్శ అని నా అభిప్రాయం.

మూడో వారం నుంచి

పదో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య కళ్లు తెరుచుకుంటాయి, మూడో వారానికి చెవులు వినిపిస్తాయి. అసలు గడియారం అక్కడ మొదలవుతుంది. అమెరికాలోని బార్ హార్బర్‌లో స్కాట్, ఫుల్లర్ అనే పరిశోధకులు ఏళ్ల తరబడి కుక్కపిల్లలను గమనించి, సుమారు మూడో వారం నుంచి పన్నెండో వారం వరకు పిల్ల ఎవరిని తనవాళ్లుగా, దేన్ని మామూలు విషయంగా ఎంచాలో నేర్చుకునే కాలమని తేల్చారు. అక్కడే చేసి 1961లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, మనుషుల స్పర్శ లేకుండా పద్నాలుగు వారాలు పెరిగిన పిల్లలు ఆ తర్వాత ఎంత మచ్చిక చేసినా మనిషికి దగ్గర కాలేదు. ఈ వారాల్లో ఎక్కువ భాగం గడిచేది కొన్నవాళ్ల ఇంట్లో కాదు, మన ఇంట్లో. ఐదో వారం దాకా పిల్లకు కొత్తంటే కుతూహలమే గాని బెరుకు తక్కువ. ఆ తర్వాత రోజురోజుకూ బెరుకు పెరుగుతుంది. కాబట్టి పరిచయం చేయదలచినవి వీలైనంత ముందే మొదలుపెట్టాలి.

ఏం పరిచయం చేయాలంటే, ముందు నేల. మెత్తని పరుపు మీదే పెరిగిన పిల్లకు నున్నని గచ్చు, గడ్డి, కంకర, తడి నేల అన్నీ భయమే. నేను పిల్లలు తిరిగే చోట ఒక స్టీలు పళ్లెం బోర్లించి పెడతాను. మొన్నటి ఈతలో ఒక ఆడపిల్ల దాని మీద ముందు కాలు వేసింది, పళ్లెం టంగుమంది, పిల్ల గిరుక్కున వెనక్కి పరుగెత్తి తల్లి వెనక నక్కింది. ఎత్తుకుని ఊరడించాలని చేతులు లాగుతాయి గాని, నేను కదలలేదు. రెండు నిమిషాలకు మెడ సాచి వాసన చూసింది, మళ్లీ కాలు వేసింది, ఈసారి టంగుమన్నా చెవులు మాత్రమే కదిలాయి. మర్నాటికి ఆ పళ్లెం మీదే కూర్చుంది. ఆ రెండు నిమిషాలు ఓపిక పట్టకుండా ఎత్తుకుని ఉంటే, భయపడితే ఎవరో ఎత్తుకుంటారన్నదే అది నేర్చుకునేది.

చిన్నజాతి పిల్లకు ఇంకొక కష్టం ఉంది: మనుషులు దాన్ని అడగకుండా ఎత్తేస్తారు. పైనుంచి దిగే పెద్ద చెయ్యి దానికి గద్దతో సమానం. కనుక ఎత్తే ముందు ప్రతిసారీ ఒకే మాట, ఉదాహరణకు 'పైకి' అనాలి. పక్కనుంచి చెయ్యి పోనిచ్చి, ఒక అరచెయ్యి ఛాతీ కింద, మరొకటి పిరుదుల కింద పెట్టి ఎత్తాలి. దించేటప్పుడు నాలుగు కాళ్లూ నేలకు ఆనాకే వదలాలి. ఇంటికి వచ్చినవాళ్లను నేల మీద కూర్చోబెట్టి, పిల్ల తనంతట తాను ఒళ్లోకి వచ్చే దాకా ఆగమనండి. పిల్లలు, వృద్ధులు, గడ్డం ఉన్నవాళ్లు, టోపీ పెట్టుకున్నవాళ్లు, చేతికర్రతో నడిచేవాళ్లు, ఇలా రకరకాల మనుషులు కనబడాలి. చిన్నపిల్లలు మాత్రం కూర్చునే పట్టుకోవాలి, ఎందుకంటే టాయ్ జాతుల ముంగాళ్ల ఎముకలు సన్ననివి, సోఫా ఎత్తు నుంచి పడినా విరిగిన సందర్భాలున్నాయి.

చప్పుళ్లు చిన్న స్థాయిలో మొదలుపెట్టి, పిల్లలు తింటున్నప్పుడో ఆడుకుంటున్నప్పుడో వినిపిస్తూ పెంచాలి. జుట్టు ఎక్కువున్న జాతులకు జీవితమంతా దువ్వెన, డ్రయ్యరు తప్పవు కనుక వాటిని నాలుగో వారంలోనే ఆటలో కలపాలి. ఆరో వారం నుంచి ఒక్కో పిల్లనూ విడిగా, ముందు ఒక నిమిషం, తర్వాత ఐదు నిమిషాలు, తోబుట్టువులు లేకుండా ఉండనివ్వాలి. గుంపులో ధైర్యంగా కనబడే పిల్ల ఒంటరిగా ఎలా ఉంటుందో అప్పుడే తెలుస్తుంది. మూడో వారం నుంచే పిల్లలు పడక వదిలి దూరంగా పోసుకోవాలని చూస్తాయి. పడకకు ఎదుటి మూల వేరే రకం పరుపు లేదా కాగితాలు వేస్తే, అప్పగించే నాటికి మలమూత్రాల అలవాటు సగం కుదిరినట్టే.

మూడున్నర, నాలుగు వారాలప్పుడు మెత్తని తిండి మొదలవుతుంది. ఇక్కడే రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదం ముందుకొస్తుంది, మూడు నెలలు దాటే దాకా ఉంటుంది. రోజుకు నాలుగైదు సార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. తాగినట్టు తూలుతూ, చూపు నిలపలేక, వణుకుతున్న పిల్లకు చక్కెర పాకమో గ్లూకోజో చిగుళ్లకు రాసి, స్పృహ ఉంటే తిండి పెట్టి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. స్పృహ లేని పిల్ల నోట్లో ఏమీ పోయకూడదు.

ఏలికపాములు కడుపులో ఉండగానే తల్లి నుంచి సోకుతాయి కనుక నులిపురుగుల మందు రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది వారాలకు, ప్రతిసారీ ఆనాటి బరువును బట్టి వేయాలి. పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతక వైరస్ జబ్బుల టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలై, రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి చొప్పున పదహారు వారాలు నిండే దాకా సాగుతాయి. తల్లి ఇచ్చిన రక్షణ మిగిలి ఉన్నంతకాలం టీకా పట్టకపోవచ్చు, అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది కాబట్టే ఇన్నిసార్లు. టీకాలన్నీ పూర్తయ్యే దాకా బయటికే తీయకూడదనే సలహా పాతది. మొదటి టీకా, నులిపురుగుల మందు పడిన వారం తర్వాత జాగ్రత్తగా బయటి పరిచయం మొదలుపెట్టవచ్చని అమెరికన్ వెటర్నరీ సొసైటీ ఆఫ్ యానిమల్ బిహేవియర్ కూడా చెబుతోంది. తెలియని కుక్కలు తిరిగే నేల మీద దించకుండా, బుట్టలోనో చేతుల మీదో ఉంచుకుని వీధిని చూపించవచ్చు. ఎత్తుకోవడం నాకు పూర్తిగా సమ్మతమైన సందర్భం ఇదొక్కటే.

అప్పగింత

ఎనిమిది వారాలు నిండకుండా ఏ పిల్లనూ పంపకూడదు. చిన్నజాతులను పది, పన్నెండు వారాల దాకా ఉంచడం మేలు. బరువు నిలకడ పడుతుంది, ఎంత గట్టిగా కొరికితే తోబుట్టువు కీచుమని ఆట మానేస్తుందో నేర్చుకుంటుంది. కానీ పన్నెండు వారాలు ఉంచుకునే బ్రీడరు ఆ అదనపు వారాల్లో ప్రతి పిల్లనూ విడివిడిగా బయటికి తీసుకెళ్లాలి, లేకపోతే ఉంచుకోవడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. పంపే ముందు పశువైద్యునితో గుండె, మోకాళ్లు, బొడ్డు, మాడు పూడిందా లేదా, పళ్ల అమరిక, మగపిల్లల్లో వృషణాలు దిగాయా అన్నవి చూపించి, కనబడిన ప్రతి లోపాన్నీ కాగితం మీద రాసి ఇవ్వాలి.

ఏ పిల్ల ఎవరికన్నది రంగును బట్టి కొన్నవాళ్లు కాకుండా, స్వభావాన్ని బట్టి బ్రీడరే సూచించాలి. పళ్లెం మీద కూర్చున్న పిల్ల సందడి ఇంటికి సరిపోతుంది. దాని తమ్ముడు, తలుపు చప్పుడుకే చెవులు వాల్చేవాడు, ఇద్దరు మనుషుల నిదానపు ఇంటికి. ఎప్పుడు ఏ కారణంతో సాకలేకపోయినా కుక్కను తిరిగి మన దగ్గరికే చేర్చాలన్న షరతు ఒప్పందంలో ఉండాలి, ఆ మాట మీద మనమూ నిలబడాలి. వెంట టీకా కార్డు, బరువుల పేజీ నకలు, తింటున్న తిండి రెండు వారాలకు సరిపడా, తల్లి పడుకున్న గుడ్డ ముక్క పంపాలి. మొదటి వారం రోజూ తూచి అంకె పంపమని అడుగుతాను. దాన్ని కూడా అదే పుస్తకంలో, అదే రంగు కింద రాస్తాను.